ఒక్క పగటిలో మారిషస్ దక్షిణసీమ

ఇంచుమించు 80 లక్షల సంవత్సరముల క్రిందట అగ్నిపర్వతముల ఉద్గారముచే హిందూ మహాసముద్రగర్భమునుండి పైకిలేచిన మారిషస్ ద్వీపము, దక్షిణోత్తరముగా 65 కిలోమీటర్ల పొడవును, తూర్పు పడమరలుగా 45 కిలోమీటర్ల వెడల్పును మాత్రమే గలది. ఇంత చిన్న ద్వీపమున చూడదగినదంతయు తీరముననే యుండునని తలంచి, విమానము దిగినది మొదలు మరల ఎక్కువరకు ఇసుకతిన్నెల మీదనే కాలము పుచ్చి వచ్చు మన యాత్రికులు పెక్కుమంది కలరు. వారు చూచినది సుందరమే, సందేహము లేదు. కాని ఆ ద్వీపము ఎవరి చెమటతో పండినదో, ఏ దైవములను కొలిచినదో, ఏ అడవులను పోగొట్టుకొని ఏ పక్షులను మరల బ్రతికించుకొన్నదో తెలియవలెనన్న లోపలి పీఠభూమి మీదికి ఎక్కవలెను. ఎక్కునప్పుడు ఆ మట్టిలో పుట్టి పెరిగిన మనుష్యుడొకడు ప్రక్కనుండి చెప్పవలెను. అందువలన, ఎనిమిదిమందో పదిమందో కలసి ఒక చిన్న వ్యానులో ఒక గైడు వెంట ఉదయము బయలుదేరి సాయంకాలమునకు తిరిగి వచ్చు ఒక దినపు యాత్రయే ఈ ద్వీపమును ఎరుగుటకు ఉత్తమసాధనమని నా దృఢాభిప్రాయము.

ఈ యాత్రల పద్ధతి చాల సరళమైనది. హోటళ్లు చాలవరకు తీరము పొడవునను చెదరియున్నవి గనుక, ఎనిమిది గంటల ప్రాంతమున వ్యాను ఒక్కొక్క హోటలు ముంగిట ఆగుచు యాత్రికులను ఎక్కించుకొని పోవును. పెద్ద బస్సునకును చిన్న వ్యానునకును గల భేదము మొట్టమొదట ఇక్కడనే తెలియును. నలుబదిమంది ఎక్కవలసిన బస్సు పది పన్నెండు హోటళ్ల ముంగిట ఆగిన పిమ్మటగాని దారి పట్టదు. దిగవలసిన ప్రతిచోటను అందరును దిగి, చూచి, మరల లెక్కకు వచ్చి కూర్చుండునప్పటికి ఆ చోటునకు కేటాయించిన వేళలో సగము గడచిపోవును. చిన్న బృందమునకు ఈ బాధ లేదు. దారిలో ఎవరైన ఒక చెట్టును చూపి ఇదేమని అడిగినచో బండి ఆపి చెప్పుటకు గైడునకు తీరిక యుండును. అడుగుటకు మనకును సంకోచముండదు. నేను పోయిన వ్యానులో ఫ్రెంచి వృద్ధదంపతులును, దక్షిణాఫ్రికానుండి వచ్చిన ఒక కుటుంబమును, బెంగుళూరు యువదంపతులును ఉండిరి. గైడు ఒక వాక్యము ఇంగ్లీషునను ఒక వాక్యము ఫ్రెంచినను చెప్పుచు, దారిలో ఎదురైన పరిచితులతో తన ఇంటిభాషయైన క్రియోల్‌లో కుశలమడుగుచు, దినమంతయు మూడు భాషలలో అలవోకగా సంచరించెను.

తీరమునుండి పీఠభూమికి ఎక్కుట ఒక అరగంట పని. కాని ఆ అరగంటలో ఋతువే మారిపోయినట్లుండును. ఆగ్నేయమునుండి ఏడాది పొడవునను వీచు వ్యాపారపవనములు సముద్రపు తేమను మోసికొనివచ్చి ఈ ఎత్తునకు తగిలి పైకి లేచి చల్లబడి వర్షించును. మధ్యపీఠభూమిని సంవత్సరమునకు దాదాపు 4000 మిల్లీమీటర్ల వాన కురియుచుండగా, కొండల చాటుననున్న పడమటి తీరమున 900 మిల్లీమీటర్లు మాత్రమే కురియును. అందుచేత తీరమున ఎండ కాయుచున్నదికదాయని పలుచని బట్టలతో బయలుదేరిన వారు క్యూర్‌పిప్ పట్టణమునకు చేరునప్పటికి చేతులు ముడుచుకొని కూర్చుందురు. జారని చెప్పులును, ఒక వానకోటును వెంట నుంచుకొనుట మంచిది.

క్యూర్‌పిప్‌లో త్రూ ఓ సెర్ అను అగ్నిపర్వతబిలము కలదు. నిద్రాణమైన ఆ బిలము అంచుననుండి ఊరును, దూరపు గిరిశిఖరములును కన్పట్టును. లోపలి వాలులనిండ చెట్లు దట్టముగా పెరిగియున్నవి. కాలు మోపిన ఈ నేలయంతయు అట్టి బిలములనుండి పారిన ద్రవశిలయే గదా యను భావము అక్కడ నిలుచున్న ఐదు నిమిషములలోనే మనస్సున నాటుకొనును. అంతకుమించి అక్కడ ఆగవలసిన పనిలేదు.

ఆగవలసినది చెరకుచేల నడుమ. డచ్చివారు 1598లో ఈ ద్వీపమున దిగి తమ అధినాయకుడైన మారిస్ పేరు దీనికి పెట్టిరి, 1639లో జావానుండి చెరకును తెచ్చి నాటిరి, 1710లో విడిచిపోయిరి. 1715లో ఫ్రెంచివారు వచ్చిరి, 1810లో ఇంగ్లీషువారు దానిని గెలుచుకొనిరి. ప్రభువులు మారినను చెరకు మాత్రము మారలేదు, మరింత విస్తరించినది. మా గైడు ఒక చేని ప్రక్కన బండి ఆపి, నడుమ వరికుప్పల వలె వరుసగా నిలిచియున్న నల్లరాళ్ల పోగులను చూపెను. దగ్గరకు పోయి చూడగా ఒక్కొక్క రాయి పిడికిలంత మొదలు తలకాయంతవరకు ఉన్నది. ద్రవశిల చల్లారునప్పుడు గాలి చిక్కి ఏర్పడిన రంధ్రములనిండ నాచు పట్టియున్నది. ఒకదానిని ఎత్తబోగా ముంజేయి నొచ్చినది. ఈ నేలలో మట్టికంటె రాయి ఎక్కువ. నాగలి సాగవలెనన్న రాళ్లు ఏరవలెను, ఏరినవి మోయుటకు చోటు లేదు, గనుక చేనిలోనే పేర్చవలెను. మొదట ఆఫ్రికానుండియు మడగాస్కరునుండియు తెచ్చిన బానిసలును, తరువాత మనదేశమునుండి ఒడంబడిక మీద తెచ్చిన కూలీలును, యంత్రములు లేని ఆ దినములలో చేతులతో ఏరి పేర్చిన రాళ్లివి. ద్వీపమున ఇంతకంటె ఘనమైన శిల్పమును నేను చూడలేదు.

1835 ఫిబ్రవరి 1వ తేదీన ఇక్కడ బానిసత్వము రద్దయినది. దాని రాకను ముందే ఎరిగిన తోటల యజమానులు వేరు చేతుల కొరకు మనదేశము వైపు చూచిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాసు అను ఓడ 36 మంది కూలీలతో కలకత్తానుండి పోర్ట్ లూయీ రేవునకు చేరెను. ఆ వెనుక కోరంగి, విశాఖపట్టణము, మద్రాసు రేవులనుండి మన తెలుగువారును పోయిరి. వారి సంతతివారు నేడును సింహాద్రి అప్పన్న పండుగ చేయుదురు, అమ్మోరిని కొలుతురు, దీపము చుట్టును తిరుగుచు రాత్రియంతయు రామభజన చేయుదురు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వ సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది అక్కడనే. నోట క్రియోల్ తప్ప వేరుభాష అంతగా ఆడని కుటుంబములు సైతము సింహాచలముపై వెలసిన దైవమును ఏడు సముద్రముల ఆవల నిలుపుకొన్నవన్న సంగతి, మనవారిలో ఎందరు గైడును అడిగి తెలిసికొందురు? అడిగినచో అతడు చెప్పును; అడుగనిచో చెరకును చూపి ఊరకుండును.

అక్కడనుండి గంగాతలావునకు దారి. గ్రాన్ బస్సాఁ యని ఫ్రెంచివారు పిలిచిన ఈ సరస్సు ఒక పురాతన బిలములో నిలిచిన నీరు. ద్వీపమున ఉత్తరపు గ్రామమైన త్రియోలేకు చెందిన ఒక పూజారి, ఇక్కడి నీరు గంగతో కలియుచున్నదని 1897లో స్వప్నమున గాంచెనట. మరుసటి సంవత్సరము భక్తులు త్రియోలేనుండి కాలినడకను వచ్చిరి. 1972లో గంగాజలమును తెచ్చి ఇందు కలిపిరి. మహాశివరాత్రికి నేడు లక్షలకొలది జనులు తెల్లని వస్త్రములు ధరించి, కాగితపు పూలతో అలంకరించిన కావడులను భుజముపై మోయుచు ద్వీపము నలుమూలలనుండి నడచి వచ్చుచుందురు. సరస్సునకు చేరుటకు ముందు దారి ప్రక్కన 108 అడుగుల మంగళ మహాదేవ విగ్రహము మబ్బులలో తల దాచుకొని నిలిచియుండును. మేము పోయినప్పుడు ఒక ముదుసలి నీటి అంచు మెట్టుపై తమలపాకు పరచి, కర్పూరము వెలిగించి, ఒక అరటిపండు పెట్టి కన్నులు మూసికొనెను. ఆమె కన్నులు తెరచునంతలో చెట్టుమీది కోతి దిగి ఆ పండును కొనిపోయెను. ఆమె కోపింపలేదు, రెండవ పండు పెట్టెను. ఇక్కడ ఇరువది నిమిషములు చాలునని కార్యక్రమపత్రములో వ్రాయు యాత్రలు కలవు. ముప్పావుగంటకు తక్కువైనచో ఒప్పుకొనరాదని నా సలహా.

సరస్సు దాటిన పిమ్మట బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ వనము ప్రారంభమగును. 1994లో ఏర్పడిన ఈ వనమున 828 మీటర్ల ఎత్తుగల శిఖరము, ద్వీపమున కెల్ల ఉన్నతమైనది, కలదు. డచ్చివారు నల్లచేవ మానులను నరికిరి, ఆపై చెరకు కొరకు మిగిలిన అడవిని కొట్టిరి. చెడక నిలిచిన సహజారణ్యము నేడు ద్వీపమున రెండు శాతమైనను లేదు. దారి ప్రక్కన ఎఱ్ఱగా పండిన చిన్న జామపండ్లను యాత్రికులు ప్రీతితో కోసికొని తిందురు. కాని ఆ మొక్క దక్షిణ అమెరికానుండి వచ్చినది, స్థానికములైన మొలకలకు వెలుగు సోకనీయక చంపుచున్నది. డోడో పక్షి 17వ శతాబ్దముననే నశించిపోయిన సంగతి లోకవిదితము. అంతగా ఎవరికిని తెలియని సంగతి మరియొకటి కలదు: 1974 నాటికి స్వేచ్ఛగా తిరుగు మారిషస్ డేగలు నాలుగు మాత్రమే కన్పట్టినవి. కార్ల్ జోన్స్ అను వేల్సు దేశీయుడును అతని సహచరులును గ్రుడ్లను తీసి పొదిగించి, పిల్లలను పెంచి విడిచి, ఆ జాతిని వందలకు తెచ్చిరి. గులాబివన్నె పావురములును అట్లే తిరిగి వచ్చినవి. లోయ అంచున నిలిచి డేగ కొరకు ఎదురుచూచిన పావుగంటలో మాకది కన్పట్టలేదు. దానికి బదులు తెల్లని పొడవు తోకగల సముద్రపక్షి ఒకటి క్రింద పచ్చదనముపై మెల్లగా తేలిపోయెను.

షమరెల్ గ్రామము అందరును ఎరిగినదే. 80 మీటర్లకు పైబడిన జలపాతమును, దానికి చేరువనే ఏడురంగుల మట్టితిన్నెలును ఇక్కడ కలవు. ఆ రంగులకు కారణము సరళమైనది: అగ్నిశిల వేడికిని తేమకును శిథిలమై బంకమన్నుగా మారునప్పుడు, కరగునవెల్ల వానలో కొట్టుకొనిపోగా ఇనుమును అల్యూమినియమును మిగిలినవి, ఇనుమువలన ఎరుపును గోధుమయు, అల్యూమినియమువలన నీలమును ఊదాయు ఏర్పడినవి. మేఘము కప్పినప్పుడు వన్నెలు వెలవెలబోవును గనుక, సూర్యుడు పైకి వచ్చువరకు వేచియుండుటకు ఒప్పుకొను గైడు దొరకుట అదృష్టము. తిన్నెలమీద నడువనీయరు, చుట్టును కట్టిన కొయ్యకంచె వెంట నిలిచి చూడవలెను.

భోజనమును గూర్చి ఒక మాట. యాత్ర వెలలో చేరిన భోజనము సాధారణముగా యాత్రికులకై నడుపు ఫలహారశాలలో ఉండును. దానికి బదులు, వీలైనచో, దారిలోని బండివద్ద ధోల్ పూరీ తినవలెను. పసుపు బటానీపప్పును ఉడికించి పొడిచేసి మైదాపిండిలో పెట్టి, కాగితమంత పలుచగా వత్తి కాల్చుదురు. ఎప్పుడును జంటగానే అమ్ముదురు. అమ్మువాడు ఒక అరచేత రెంటిని పరచి, చిక్కుడుగింజల కూర ఒక గరిటెడు, రుగాయ్ అను టమాటా కూర ఒక గరిటెడు వేసి, మిరపకారము కావలెనాయని కనుబొమతో అడిగి, చుట్టి కాగితములో పెట్టి ఇచ్చును. బిహారు పల్లెలనుండి పోయిన కూలీల కూడు ఇప్పుడు ఆ దేశపు సమస్తజనుల కూడైనది. శాకాహారులకు ఇంతకంటె నిశ్చింతయైన భోజనము ద్వీపమున లేదు.

షమరెల్‌నుండి మెలికలు తిరుగుచు దిగిన బాట పడమటి తీరమున తేలును. ఎదుట లె మోర్న్ కొండ సముద్రములోనికి చొచ్చుకొని నిలిచియుండును. 556 మీటర్ల ఎత్తుగల ఈ శిలాకూటముపై 18వ, 19వ శతాబ్దములలో పారిపోయిన బానిసలు దాగియుండిరి. విముక్తిని చాటుటకు వచ్చిన రక్షకభటులను చూచి, పట్టుకొనవచ్చిరని భ్రమపడి, కొందరు పైనుండి దూకి మరణించిరని జనశ్రుతి. 2008లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఇక్కడి నీటిలో సముద్రము అగాధమునకు జారుచున్నట్లు కన్పట్టు చిత్రమును చూచి మోహపడి వచ్చువారు తెలియవలసినదేమనగా, అది ప్రవాహమునకు కొట్టుకొనిపోవు ఇసుక కల్పించు భ్రాంతి, ఆకాశమునుండి మాత్రమే గోచరించును. ఒడ్డున నిలిచినవారికి కన్పట్టదు. ద్వీపము చుట్టును పగడపుదిబ్బ కోటవలె నిలిచి కెరటములను ఆపుచున్నందుననే తీరపు నీరు ఇంత ప్రశాంతముగా ఉన్నది, నల్లరాతి ద్వీపమునకు తెల్లని ఇసుక అబ్బినదియు పగడము అరిగియే. దక్షిణమున గ్రి గ్రి వద్ద ఆ దిబ్బ లేదు. అక్కడ సముద్రము నల్లని కొండచరియలను నేరుగా మోదును. యాత్రలో గ్రి గ్రి చేరినచో మంచిదే. కాని ఒక్కపగటిలో అన్నియు చేర్చెదమని చెప్పువారిని నమ్మరాదు.

సొమ్ము కట్టుటకు ముందు అడిగి తెలిసికొనవలసినవి కొన్ని గలవు: ప్రవేశరుసుములు వెలలో చేరినవా, బండిలో ఎందరు, గైడు వేరుగానున్నాడా లేక డ్రైవరే గైడా, దుకాణములవద్ద ఎన్నిమారులు ఆగుదురు. నమూనా ఓడల కార్ఖానాలును నగల అంగళ్లును దారిలో పెక్కు గలవు. అక్కడ పోయిన ప్రతి అరగంటయు గంగాతలావువద్దనో లోయ అంచుననో తరుగును.

ఈ దక్షిణయాత్రలో చేరని ముఖ్యస్థలమొకటి పోర్ట్ లూయీలో ఓడ దిగిన కూలీల మజిలీయైన ఆప్రవాసీ ఘాట్. దానికి వేరొక పూట కేటాయింపవలెను. 1849లో కట్టిన ఆ మజిలీలో రేవునుండి పైకివచ్చు పదునారు మెట్లు మిగిలియున్నవి. 1834 నుండి 1920 వరకు దాదాపు 5 లక్షల మంది మనదేశపు కూలీలు ఆ రేవున దిగి, కొందరు అక్కడ నిలిచి, కొందరు ఇతర ద్వీపములకు సాగిపోయిరి. వారి దస్తరములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా ఉన్నవి. వచ్చినవాని పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఓడ అందు వ్రాయబడి, పలువురి ఛాయాచిత్రములును చేర్చబడినవి. శ్రీకాకుళము, విశాఖ, గోదావరి జిల్లాలలో, ముత్తాత తమ్ముడొకడు ఓడ ఎక్కి తిరిగి రాలేదని ఇంట చెప్పుకొను కుటుంబములు గలవు. అట్టివారు మారిషస్ పోవునప్పుడు ఆ పేరును, ఊరి పేరును కాగితముమీద వ్రాసికొని పోవలెను.