అమ్ముడుపోని పొట్టేలే మందకు మొగుడైతే

మా వేంపల్లె చుట్టుపక్కల ఈ మధ్య పిల్లోల్లు నన్ను ఒకటే మాట అడుగుతాండారు. "అన్నా, గొర్ల ఫారం పెట్టాలనుకుంటాండా. ఏ జాతి తెచ్చుకోవాల?" అడిగేవాళ్లలో డిగ్రీ చదివినోళ్లు ఉండారు, బెంగళూరులో నాలుగేండ్లు పనిచేసి తిరిగొచ్చినోళ్లు ఉండారు. అందరూ ఫోన్లో వీడియోలు చూసినోళ్లే. పలకల మీద ఎత్తుగా లేపిన షెడ్డు, లోపల నిగనిగలాడే గొర్లు, చివర్లో లక్షల లాభం లెక్క. చూస్తే ఎవురికైనా ఆశ పుడతాది. నేను మాత్రం ఎదురు అడిగేది ఒకటే: పొట్టేలు యాన్నుంచి తెస్తావు? దానికి శానామంది దగ్గర జవాబు ఉండదు. ఆడ గొర్ల గురించి పది వీడియోలు చూసింటారు, పొట్టేలు సంగతి ఎవురూ చెప్పింటారు కాదు.

మాది గొర్లు కాసే ఇల్లు. ఇప్పటికీ 60 దాకా ఆడ గొర్లు ఉండాయి. నేను ఏ పశువైద్య కాలేజీలోనూ చదవలా. చూసింది, పెద్దోళ్ల దగ్గర విన్నది, దొరికిన పుస్తకాల్లో సరిచూసుకున్నది చెప్తాండా.

మన పక్క మందల్లో ఎక్కువగా కనపడేది నెల్లూరు జాతి. పేరు నెల్లూరుదైనా రాయలసీమ అంతా ఉండాది. ఉన్ని ఉండదు, ఒంటి మీద పొట్టి వెంట్రుకే. మన దేశంలో ఉండే గొర్రె జాతుల్లో ఎత్తు ఎక్కువ దీనిదే. రంగును బట్టి మూడు రకాలు. ఒళ్లంతా తెల్లగా ఉండి తల, మెడ పక్క లేత గోధుమ మచ్చలుంటే పల్ల. తెల్లటి ఒంటి మీద కండ్ల చుట్టూ, పెదాల కాడ, దవడ కింద నలుపుంటే జోడిపి. మొత్తం ఎరుపు గోధుమ రంగైతే డోర, మేం ఎర్ర గొర్రె అంటాం. పొట్టేలుకు కొమ్ములుంటాయి, ఆడదానికి దాదాపుగా ఉండవు.

ఆ పొడుగు కాళ్లు అందానికి కాదు. ఎండాకాలం పాపాగ్ని ఇసకతిన్నెగా మారినాక మేత కోసం దినానికి ఎన్ని మైళ్లు నడవాల్నో కాసేవానికే తెలుసు. తుమ్మకాయ రాలితే తుమ్మకాయ, రేగు కంప ఉంటే రేగు కంప, కోత అయిపోయిన చేలో శెనక్కాయ ఆకు. దొరికింది తిని, నీళ్లకాడికి నడిచి, మళ్లా పొద్దుమునిగేలోపల రొప్పానికి చేరాల. అట్ల నడవలేనివి ఎన్నో తరాల కిందనే రాలిపోయినాయి. మిగిలిన వాటి రక్తమే ఈ జాతి. షెడ్డులో నిలబెట్టి దాణా పోస్తే ఏ గొర్రైనా పెరుగుతాది. మేత లేని ఏట ఏది బతుకుతాది అనేదే అసలు ప్రశ్న.

పొద్దున పని కూడా అంత తేలిక కాదు. మంచు ఆరకముందే మంద ఇప్పితే తడి గడ్డితో పాటు పురుగు కడుపులోకి పోతాది. కాబట్టి ఎండ కాస్త పొడిచినాక ఇప్పాల. అంతలో రొప్పం ఊడ్చడం, కుంటిదేది, పారుతాండేదేది చూసుకోవడం. పసిపిల్లల్ని గంపకింద మూసిపెట్టి తల్లుల్ని తోలుకపోతాం. సాయంత్రం మంద తిరిగొచ్చినప్పుడు ఆ అరుపులు ఇనాల. అంత గోలలోనూ ఏ పిల్ల తల్లిని ఆ పిల్ల పట్టేస్తాది. తొలి వానలు పడి పచ్చిక లేసినప్పుడు అందరూ సంబరపడతారు గానీ గొర్లోని గుండెలో దడే. చిటుకు రోగం వచ్చే కాలం అదే. అది బక్కపిల్లను తాకదు, బాగా మేసి బలిసినదాన్నే కొడతాది. సాయంత్రం గెంతులేసిన పిల్ల తెల్లారేసరికి కట్టె. వానలకు ముందే టీకా వేయించుకోవడం తప్ప దానికి ఇంకో దారి లేదు.

ఇంగ జాతి ఎట్ల చెడిపోతాదో చెప్తా. ఒక పొట్టేలు పాతిక, ముప్పై ఆడ గొర్లకు సరిపోతాది. ఆడ గొర్రె చెడ్డదైతే ఏడాదికి ఒక పిల్లే చెడ్డది. పొట్టేలు చెడ్డదైతే ఆ ఏడు పుట్టిన ప్రతి పిల్లలోనూ సగం రక్తం చెడ్డదే. అందుకే మందకు పొట్టేలే సగం అంటారు పెద్దోళ్లు.

ఇప్పుడు మన సంతల్లో జరిగేది చూడండి. మంచి పొట్టేలు రెండు పండ్లు వేసేలోపలే బేరగాడు ఇంటికొస్తాడు. బక్రీదుకు కొనేవాళ్లకు కుంటిది, గుడ్డిది, చెవి తెగింది, కొమ్ము ఇరిగింది పనికిరాదు. వంక లేనిదే కావాల, వాళ్ల నియమం అది. అమ్మవారి జాతరకు మొక్కుకున్నోళ్లూ మందలో కండ్లకు నిండుగా కనపడేదాన్నే అడుగుతారు. ఇందులో కొనేవాళ్ల తప్పేం లేదు, మంచి దుడ్డిచ్చి మంచిది కొంటాండారు. కానీ మందలో మిగిలేదేది? ఆలస్యంగా పుట్టింది, పాలు చాలక గిడసబారింది, సంతకు రెండుసార్లు తోలినా ఎవురూ అడగంది. వానలకు ఆడ గొర్లు ఎదకొచ్చేసరికి ఆ అమ్ముడుపోందే వాటికి మొగుడు. ఇట్ల పదేండ్లు సాగితే జాతి ఏమైతాదో చెప్పేదానికి శాస్త్రవేత్త అక్కర్లేదు.

బక్రీదు ఏటా పదకొండు దినాలు ముందుకు జరుగుతాది. 2025లో జూన్ 7న వచ్చింది. అంటే ఈ కొన్నేండ్లు పండగ సరిగ్గా మన గొర్లు ఎదకొచ్చే కాలానికి ముందర పడతాంది. పొట్టేలు కావాల్సిన నెలలోనే పొట్టేలు పోతాంది.

"మరి వచ్చే దుడ్డు వదులుకోమంటావా అన్నా?" అంటారు. లెక్క వేద్దాం. మంచి పొట్టేలును రెండేండ్లు ఆపితే తక్కువలో తక్కువ 50 పిల్లలు. పిల్లకు అమ్మేనాటికి ఒక్క కిలో తేడా వచ్చినా 50 కిలోలు. బతికున్న బరువు కిలో 400 అనుకుంటే 20 వేలు. ఆ తర్వాత పొట్టేలును అమ్ముకోవచ్చు, అది యాడికీ పోదు. మందలో మిగిలిన ఆడపిల్లల రక్తానికి ధర నేనింకా కట్టలా.

రెండేండ్లే ఎందుకంటే, ఏడాది, ఏడాదిన్నరకు దాని కూతుర్లే ఎదకొస్తాయి. తండ్రీ కూతుర్లు కలిస్తే పిల్లలు చిన్నవైతాయి, సచ్చిపుట్టేవి పెరుగుతాయి. కాబట్టి మంచిదైనా సరే పొట్టేలు మంద మారాల. ఎంచుకునేటప్పుడు ఒళ్లు ఒకటే చూస్తే చాలదు. ఏటా తప్పకుండా ఈని, పిల్లను పాలిచ్చి నిలబెట్టుకున్న తల్లి కడుపున పుట్టిందా? కాళ్లు తిన్నగా ఉండాయా? బీజాలు రెండూ సమంగా దిగినాయా? పై దవడ, కింది దవడ కలిసినాయా? ఇవి చూసేదానికి పైసా ఖర్చు లేదు.

చూస్తుండగానే ఒక గొర్రె పోయింది మన దగ్గర. నల్ల గొర్రె. దక్కనీ అని, బళ్లారి అని పుస్తకాల్లో రాస్తారు. ఆదోని, ఆలూరు పక్క ఇంకా మందలుండాయి, మా పక్క వెతికినా దొరకదు. దాని ఉన్ని ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, వడికి, చింతగింజల గంజి పెట్టి కంబళి నేసేవాళ్లు. వానకూ చలికీ కాపరికి అదే ఇల్లు. మిల్లు దుప్పట్లొచ్చినాయి, ఉన్ని అడిగేవాడు లేడు, కత్తిరింపు కూలి కూడా గిట్టలా. ఎవురూ దాన్ని చంపలా. దాని పొట్టేలును ఆపుకునేవాడు లేకపోయినాడు, అంతే.

ఇంగ్లండులో ఇట్లాంటి జాతుల కోసమే 1973లో రేర్ బ్రీడ్స్ సర్వైవల్ ట్రస్ట్ అని పెట్టుకున్నారు. ఏ జాతి ప్రమాదంలో ఉందో జాబితా వేస్తా వస్తాండారు. మన దగ్గర కర్నాల్‌లో జాతీయ పశు జన్యు వనరుల సంస్థ జాతుల్ని నమోదు చేస్తాది. నెల్లూరు, దక్కనీ, బళ్లారి అన్నీ ఆ పట్టీలో ఉండాయి. పట్టీలో పేరుంటే మందలో రక్తం ఉన్నట్టు కాదు. 2019 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో గొర్లు 1 కోటి 76 లక్షలు. తలకాయలు పెరిగినాయని సంబరపడితే సరిపోదు, వాటి తండ్రులెవురని కూడా అడగాల.

సర్కారు పథకాలు చూడండి. తెలంగాణలో 2017లో ఇచ్చిన యూనిట్ 20 ఆడ గొర్లు, ఒక పొట్టేలు. కేంద్రం 2021లో మార్చిన జాతీయ పశుసంపద మిషన్‌లో 100కు 5, 500కు 25, సబ్సిడీ 50 శాతం, గరిష్ఠంగా 50 లక్షలు. అన్నింటా ఇరవైకి ఒకటే. ఆ ఒక్కదాని మీదే మంద నిలబడేది. పైగా మిగతా సగం పెట్టుబడి, భూమి ఉన్నోనికే ఆ 50 లక్షలు. తరాల నుంచి జాతిని కాపాడిన కాపరికి సెంటు భూమి ఉండదు. వాడు మేపుకునే బీళ్లకు కంచెలు పడతాండాయి. ఓర్వకల్లు కాడ 1000 మెగావాట్ల సోలార్ పార్కు కింద 5,900 ఎకరాల దాకా పోయింది. మా పక్క చీనీ తోటలు, అరటి తోటలు. కంచె వేసుకున్న రైతును నేను తప్పు పట్టను. మేతకు దారి మిగల్చమని మాత్రం అడుగుతా. ఊరికి నాలుగు మంచి పొట్టేళ్లు సర్కారే కొనిపెట్టి మందలకు తిప్పితే, ఒక పెద్ద షెడ్డుకిచ్చే సబ్సిడీలో ఎన్ని ఊర్లకు సరిపోతాయో అధికారులే లెక్క వేసుకోవాల.

అది వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. మీ అందరి చేతుల్లో ఫోన్లుండాయి. మండలానికో వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. అమ్మకానికి కాదు, మార్చుకునేదానికి. పొట్టేలు ఫోటో, పండ్లెన్ని, తల్లి ఎన్ని ఈతలు ఈనింది, టీకా ఎప్పుడు పడింది, ఈ నాలుగు ముక్కలు రాస్తే చాలు. ఇంటికి తెచ్చినాక రెండు మూడు వారాలు వేరే కట్టేయండి, రోగముంటే ఆ లోపల బయటపడతాది.

ఈ ఏడు మా మందలో రెండు మొగపిల్లల్ని బేరగానికి చూపియ్యకుండా ఆపినాం. ఒకటి జోడిపి, ఒకటి ఎర్రది. ఎర్రదాన్నిచ్చి వేముల పక్క ఒక మంద నుంచి ఎర్రదాన్నే తెచ్చుకోవాలని మాట అయింది. మొన్న తెలిసింది, ఆ పిల్లను చూసేదానికి బేరగాడు అప్పుడే రెండుసార్లు వచ్చిపోయినాడంట. వానలు పడకముందే మేం ఆడికి పోవాల.