సెన్సారు అబద్ధమాడిందా?

మీరెప్పుడైనా సైకిలు మీది నుంచి కింద పడ్డారా? పడగానే ముందు మోకాలు చూసుకుంటాం, తరువాత సైకిలు చూసుకుంటాం. చాలాసార్లు చక్రం బాగానే ఉంటుంది గాని, హ్యాండిలు మాత్రం ఒక పక్కకు వంకర తిరిగి ఉంటుంది. ఆ సైకిలు నేరుగా పోవాలంటే హ్యాండిలును వంకరగానే పట్టుకోవాలి. అప్పుడు మీరేం చేస్తారు? ఎదురుగా నిలబడి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య బిగించి, హ్యాండిలును గట్టిగా తిప్పి సరిచేస్తారు. దీనికి మెకానిక్కు అక్కరలేదు.

ఇదే జబ్బు కారుకు వస్తే? కారులో ఒక కంప్యూటరు కూడా ఉంటుంది కదా! అది ఈ వంకరను చూసి ఏమనుకుంటుంది? ఈ సంగతి నాకు మా కారే నేర్పింది.

వానాకాలంలో ఒక గుంతలో పడి మా కారు ముందు టైరు పాడైంది. రెండు ముందు టైర్లూ కొత్తవి వేయించి, చక్రాల అమరిక, అంటే వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించాం. మర్నాడు సుచిత్ర నుంచి కొంపల్లి మీదుగా మేడ్చల్ వైపు పోయి, అక్కడ ఔటర్ రింగు రోడ్డు ఎక్కి శామీర్‌పేటకు బయలుదేరాం. కాసేపటికి డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం వెలిగింది. కారు బొమ్మ, దాని వెనుక జారిపోతున్నట్టు రెండు వంకర గీతలు ఉన్న దీపం అది. నెమ్మదిగా నడుపుకుంటూ ఇల్లు చేరాం. ఒకచోట చూపిస్తే, "స్టీరింగు సెన్సారు పోయింది, కొత్తది వెయ్యాలి" అన్నారు. కొన్ని వేల రూపాయల ఖర్చు. మార్చే ముందు ఇంకొకరికి చూపిద్దామని సుచిత్ర దగ్గర రోడ్డు పక్క షెడ్డులో పనిచేసే ఒక ఎలక్ట్రీషియన్ వద్దకు తీసుకుపోయాను. ఆయన చేసిన పరీక్షలు మీ సైన్సు ప్రయోగశాలలో చేసే పరీక్షలకు ఏమాత్రం తీసిపోవు. అందుకే వాటిని మీకు చెబుతున్నాను.

కారు జారితే పట్టుకునేదెవరు?

ముందుగా ఆ దీపం దేనిదో తెలుసుకుందాం. తడి రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు ఒక గేదె అడ్డం వచ్చిందనుకోండి. డ్రైవరు చటుక్కున స్టీరింగు తిప్పుతాడు. టైర్లకు, రోడ్డుకు మధ్య ఘర్షణ చాలకపోతే కారు తిప్పిన వైపు తిరగదు. నేరుగా జారిపోతుంది, లేదా బొంగరంలా గిర్రున తిరుగుతుంది. దీన్ని ఆపడానికి ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ అనే ఏర్పాటు 1995లో కార్లలోకి వచ్చింది. అది రెండు ప్రశ్నలు వేసుకుంటూ ఉంటుంది. "డ్రైవరు ఎటు పోవాలనుకుంటున్నాడు?" అన్నది మొదటిది. దీనికి జవాబు స్టీరింగు కోణాన్ని కొలిచే సెన్సారు చెబుతుంది. "కారు నిజంగా ఎటు పోతోంది?" అన్నది రెండవది. దీనికి జవాబు కారు ఎంత వేగంగా పక్కకు తిరుగుతోందో కొలిచే మరొక సెన్సారు, నాలుగు చక్రాల వేగాలను కొలిచే సెన్సార్లు చెబుతాయి. రెండు జవాబులూ కలవకపోతే కంప్యూటరు ఏదో ఒక చక్రానికి మాత్రమే బ్రేకు వేసి, కారును దారిలోకి తిప్పుతుంది.

దీని విలువ లోకానికి తెలిసింది 1997లో. స్వీడన్‌లో రోడ్ల మీదికి మూస్ అనే పెద్ద దుప్పి జాతి జంతువులు అడ్డం వస్తుంటాయి. అందుకని అక్కడ ఒక పత్రిక వారు కార్లను చటుక్కున పక్కకు తిప్పి, మళ్ళీ దారిలోకి తెచ్చి పరీక్షించేవారు. ఆ సంవత్సరం అక్టోబరులో మెర్సిడెస్ బెంజ్ వారి కొత్త ఏ-క్లాస్ కారు ఈ పరీక్షలో బోల్తా పడింది. తరువాత ఆ సంస్థ ఆ రకం కార్లన్నింటికీ ఈ స్థిరత్వ నియంత్రణను అమర్చింది.

అయితే ఒక చిక్కుంది. స్టీరింగు సెన్సారు తప్పు చెబితే కంప్యూటరు అక్కరలేని చోట బ్రేకు వేయవచ్చు. అందుకే ఏ సెన్సారు మాట మీదైనా అనుమానం వస్తే అది తన పని మానుకుని, దీపం వెలిగిస్తుంది. అప్పుడు మామూలు బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి గాని, జారితే పట్టుకునేవారు ఉండరన్నమాట.

రెండు పళ్ళచక్రాల లెక్క

స్టీరింగును ఒక కొస నుంచి ఇంకొక కొసకు తిప్పితే చాలా కార్లలో మూడు చుట్లకు పైగా తిరుగుతుంది. సగం చుట్టు తిరిగినా, చుట్టున్నర తిరిగినా స్టీరింగు చూడడానికి ఒకేలా ఉంటుంది. మరి ఎన్నో చుట్టో సెన్సారుకు ఎలా తెలుస్తుంది?

ఒక రకం సెన్సారులో స్టీరింగు కడ్డీకి ఒక పెద్ద పళ్ళచక్రం ఉంటుంది. అది రెండు చిన్న పళ్ళచక్రాలను తిప్పుతుంది. చిన్నవాటి పళ్ళు సమానంగా ఉండవు. లెక్క కోసం పెద్దదానికి 70 పళ్ళు, చిన్నవాటికి 20, 21 పళ్ళు ఉన్నాయనుకుందాం. స్టీరింగు ఒక చుట్టు తిరిగితే మొదటి చిన్న చక్రం మూడున్నర చుట్లు తిరిగి 180 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. రెండవది మూడు చుట్ల పైన మూడో వంతు తిరిగి 120 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. రెండు చుట్లకు అవి 0, 240 దగ్గర ఉంటాయి. మూడు చుట్లకు 180, 0 దగ్గర ఉంటాయి. నాలుగు, అయిదు చుట్లకు ఎక్కడ ఉంటాయో మీరే లెక్క కట్టండి. ఏ రెండు చుట్లకూ ఒకే జత రాదు! రెండూ మళ్ళీ కలిసి సున్నాకు వచ్చేది 20, 21ల క.సా.గు. అయిన 420 పళ్ళ దగ్గర, అంటే సరిగ్గా ఆరు చుట్లకు. క.సా.గు. ఎందుకు నేర్చుకుంటున్నామని అడిగే వారికి ఇదొక జవాబు.

ఆ చిన్న చక్రాల్లో అయస్కాంతాలుంటాయి. వాటి ఎదుట, అయస్కాంత క్షేత్రం దిశ మారితే విద్యుత్ నిరోధం మారే పలుచని లోహపు పొరలు ఉంటాయి. ఇనుము, నికెల్ వంటి లోహాలలో ఈ గుణాన్ని 1850లలో కనుగొన్నది విలియం థామ్సన్. మీరు ఉష్ణోగ్రతకు ప్రమాణంగా చదువుకునే కెల్విన్ పేరు ఆయనదే. నిరోధాన్ని బట్టి కోణం, రెండు కోణాలను బట్టి స్టీరింగు స్థానం తెలుస్తాయి.

అనుమానితులు నలుగురు

ఇక షెడ్డుకు వద్దాం. ఎలక్ట్రీషియన్ ముందు పనిముట్టు పట్టుకోలేదు. "దీపం ఎప్పటి నుంచి వెలుగుతుంది సార్? దానికి ముందు బండికి ఏం పని చేయించిన్రు?" అని అడిగాడు. డాక్టరు కూడా ముందు ఇదే కదా అడుగుతాడు!

తరువాత మీటరు తీసి బ్యాటరీ చూశాడు. ఇంజను ఆపి ఉన్నప్పుడు పన్నెండున్నర వోల్టులు, ఇంజను నడుస్తున్నప్పుడు 14 వోల్టులు చూపింది. అంటే బ్యాటరీ బాగుంది. వోల్టేజి తగ్గితే మంచి సెన్సార్లు కూడా తప్పుడు అంకెలు పంపవచ్చు. అందుకే ఇది మొదటి పరీక్ష.

ఆ పైన డాష్‌బోర్డు కింద ఉండే 16 కాళ్ళ సాకెట్‌కు స్కానరు తగిలించాడు. దానిలో ఒక కోడు కనిపించింది. ఈ కోడ్లు ఒక అక్షరంతో మొదలవుతాయి. ఇంజను సంబంధమైనవి 'పి'తో, బాడీవి 'బి'తో, బ్రేకులు, స్టీరింగు వంటి చాసిస్ భాగాలవి 'సి'తో, తీగల మీది సమాచారానివి 'యు'తో మొదలవుతాయి. మాకు వచ్చింది 'సి'. "స్టీరింగు కోణం నమ్మదగినట్టు లేదు" అని దాని అర్థం. మొదటిచోట వారు ఇక్కడే ఆగి, సెన్సారు పోయిందన్నారు. ఒక్క క్షణం ఆలోచించండి. జ్వరమానిని 102 డిగ్రీలు చూపితే జ్వరమానినిని మారుస్తామా? కోడు ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఏం చెడిందో చెప్పదు.

ఆ కోడు రావడానికి నాలుగు కారణాలుండవచ్చు. ఒకటి, సెన్సారు చెడడం. అలాగైతే స్టీరింగు తిప్పుతుంటే స్కానరులో అంకె ఒకచోట గెంతుతుంది, లేదా కదలక నిలిచిపోతుంది. రెండు, తీగ తెగడం. అలాగైతే అంకె అసలు రాదు, లేదా వస్తూ పోతూ ఉంటుంది. మూడు, సెన్సారు సున్నా తప్పడం. అప్పుడు స్టీరింగు ఎక్కడున్నా ఒకే తేడా వస్తుంది. వెర్నియర్ కాలిపర్స్‌లో మీరు సవరించే శూన్యాంశ దోషం లాంటిదే ఇది. నాలుగు, సెన్సారు నిజమే చెబుతున్నా చక్రాలకూ స్టీరింగుకూ పొత్తు కుదరకపోవడం. ఒక్కొక్క కారణానికి ఒక్కొక్క గుర్తు ఉంది చూశారా? గుర్తు వేరైతేనే పరీక్షకు అర్థం.

మొదట తీగల సంగతి చూశాడు. కారులో సెన్సార్లు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది మెలిపెట్టిన రెండు తీగల మీద. దీనిని క్యాన్ అంటారు. బాష్ సంస్థ 1986లో లోకానికి చూపించింది. ఆ తీగల రెండు కొసలా, వాటి మధ్య 120 ఓముల నిరోధాలు ఒక్కొక్కటి ఉంటాయి. బ్యాటరీ తీగ విప్పి, ఆ రెండు తీగల మధ్య నిరోధం కొలిస్తే ఎంత రావాలి? సమాంతర సంధానం సూత్రం గుర్తుచేసుకోండి. 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక కొస తెగిందన్నమాట. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నాయన్నమాట. మాకు 60 వచ్చింది. తీగల మీద అనుమానం తగ్గింది.

తరువాత బ్యాటరీ తగిలించి స్టీరింగును సమంగా నిలిపాడు. స్కానరు సున్నా చూపింది. పావు చుట్టు తిప్పితే 90, అర చుట్టు తిప్పితే 180. రెండు వైపులా కొస వరకు ఎక్కడా గెంతు లేదు. అంటే సెన్సారూ మంచిదే, దాని సున్నా కూడా మంచిదే!

"బండి నడుపుతూ చూడాలె సార్" అంటూ కారును ఖాళీగా ఉన్న నేరు రోడ్డు మీదికి తీసుకుపోయాడు. నేను స్కానరు పట్టుకుని పక్కన కూర్చున్నాను. కారు దారం పట్టినట్టు నేరుగా పోతోంది. స్కానరు మాత్రం 18 డిగ్రీలు చూపుతోంది. అప్పుడు స్టీరింగు వైపు చూశాను. అది కొద్దిగా కుడికి వాలి ఉంది! గడియారంలో నిమిషాల ముల్లు మూడు నిమిషాల్లో తిరిగే కోణం ఎంతో, అంత. అన్ని రోజులూ అది నా కళ్ళెదుటే ఉంది, నేను పట్టించుకోలేదు.

"సెన్సార్ మంచిగనే ఉంది సార్. అది నిజమే చెప్తుంది" అన్నాడు.

నిజం చెప్పిన సాక్షి

జరిగింది ఇది. స్టీరింగు తిరిగినప్పుడు చక్రాలను లాగేవి టై రాడ్లు అనే రెండు కడ్డీలు. చక్రాల అమరిక చేసేటప్పుడు ముందు స్టీరింగును సమంగా కదలకుండా బిగించి, ఆపైన ఆ కడ్డీల పొడవు సరిచేయాలి. మా కారుకు స్టీరింగు వాలి ఉండగానే సరిచేశారు. చక్రాలు కుదిరాయి, స్టీరింగు వంకరపోయింది. అచ్చంగా మీ సైకిలు హ్యాండిలు జబ్బే!

పద్దెనిమిది డిగ్రీలు చిన్న తేడా అనుకోకండి. స్టీరింగు 15 డిగ్రీలు తిరిగితే ముందు చక్రాలు సుమారు ఒక డిగ్రీ తిరుగుతాయనుకుందాం. 18 డిగ్రీలకు 1.2 డిగ్రీలు. ముందు, వెనుక చక్రాల మధ్య రెండున్నర మీటర్లున్న కారు అంత కోణంతో తిరిగితే సుమారు 120 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో పోవాలి. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించండి. 5.2 వస్తుంది. అంటే గురుత్వ త్వరణంలో సగానికి పైగా! రింగు రోడ్డు మీద నేరుగా పోతున్న మా కారు గురించి కంప్యూటరుకు అందిన కబురు "డ్రైవరు గట్టిగా మలుపు తిప్పుతున్నాడు" అని. కారు తిరగడం లేదని మిగతా సెన్సార్లు చెప్పబట్టి అది అనుమానించి, పని మానుకుని, దీపం వెలిగించింది.

ఇప్పుడు చూడండి. కొత్త సెన్సారు వేసి ఉంటే? డబ్బు పోయేది, అదీ 18 డిగ్రీలే చూపేది. వంకర సరిచేయకుండా, స్కానరుతో ఆ వాలిన స్థానాన్నే సున్నా అని నేర్పి ఉంటే? దీపం ఆరిపోయేది, తప్పు పని మాత్రం దాని కింద దాగిపోయేది. ఎలక్ట్రీషియన్ రెండూ చేయలేదు. స్టీరింగును బిగించి టై రాడ్లను మళ్ళీ సరిచేయించాడు. ఆ తరువాతే స్కానరుతో సున్నాను సరిచూసి, కోడు చెరిపాడు. మళ్ళీ అదే రోడ్డు మీద నడిపితే అంకె సున్నాకు అటూ ఇటూ ఒక డిగ్రీలో ఉంది. దీపం మళ్ళీ వెలగలేదు.

ఒక హెచ్చరిక. స్టీరింగు నడిమి మూత కింద గాలి సంచి ఉంటుంది. అది క్షణంలో పేలినట్టు విచ్చుకుంటుంది. దాన్ని తెలిసినవారు తప్ప ఎవరూ విప్పకూడదు. మీరు చేయగల పరీక్ష వేరే ఉంది. ఈసారి కారులోనో, స్కూలు వ్యానులోనో కూర్చున్నప్పుడు, నేరు రోడ్డు మీద స్టీరింగు సమంగా ఉందో లేదో గమనించండి. పసుపు దీపం ఏదైనా వెలుగుతూ ఉంటే బండి ఆగాక డ్రైవరుకు చెప్పండి. చాలామంది దాన్ని చూసి చూసి చూడడం మానేస్తారు.

మీ ప్రయోగశాలలోనూ అంతే. జవాబు అనుకున్నట్టు రాకపోతే మీటరు చెడిందని అనేయడం తేలిక. మీటరు నిజమే చెబుతుంటే అని ఒకసారి అడిగి చూడండి. సైకిలు పడ్డప్పుడు మీరు చక్రాన్నీ హ్యాండిలునూ రెండింటినీ చూసి, ఏది వంకరో తేల్చుకున్నాకే కదా చెయ్యి వేసింది!