గృహప్రవేశం అయింది.. గోడలు చెమర్చాయి!

కట్టిన ఇల్లు కొన్నవారి కష్టాలు - కాగితం లేని నమ్మకంతో చిక్కులు

దుగ్గిరాల: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మనం కట్టుకోవడమెందుకు, బిల్డరు కట్టింది కొనుక్కుంటే ఆ కష్టం తప్పుతుంది గదా అని పల్లెల్లో చాలామంది అనుకుంటున్నారు. పొలం అమ్మిన సొమ్ము, పిల్లలు పంపిన సొమ్ము పట్నంలో ఫ్లాట్ల మీద పెడుతున్నారు. కష్టం తప్పకపోగా కొత్త చిక్కులు వచ్చి మీద పడుతున్నాయని కొందరు వాపోతున్నారు. ఈ ప్రాంతపు పసుపు రైతు ఒకరి అనుభవమే ఇందుకు తార్కాణం.

మోకాళ్ల కోసం ఫ్లాటు

ఆయనకు 66 ఏళ్లు. దుగ్గిరాల యార్డుకు నలభై ఏళ్లపాటు పసుపు తోలిన మనిషి. భార్యకు మోకాళ్ల నొప్పులు. మనుమరాలు తెనాలిలో కాలేజీలో చేరింది. ఆసుపత్రికీ, కాలేజీకీ దగ్గరగా ఉంటుందని, లిఫ్టు ఉంటుందన్నారు కాబట్టి మెట్ల బాధ ఉండదని, 2021లో మిగిలిన 70 సెంట్ల పొలం అమ్మి తెనాలిలో రెండో అంతస్తులో ఫ్లాటు బేరం చేశారు. ధర 34 లక్షల రూపాయలు.

బిల్డరు పక్క ఊరివాడు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎదురుపడే మనిషి. "పరాయివాడైతే పది కాగితాలు అడిగేవాణ్ణి నాయనా. మనవాణ్ణి అడగడానికి మొహమాటం వేసింది" అని ఆ రైతు ఈ విలేకరితో అన్నారు.

ఒప్పందం 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నారు. కొనేవాడు ఏ వాయిదాకు ఎంత కట్టాలో అందులో స్పష్టంగా ఉంది. ఇల్లు ఏ తేదీకి ఇస్తాడో లేదు. ఆలస్యమైతే బిల్డరు ఏమివ్వాలో లేదు. లిఫ్టు, బోరు, తలుపుల కర్ర అన్నీ నోటిమాటే.

2022 దసరాకు ఇస్తానన్నాడు. దసరా పోయింది, సంక్రాంతి పోయింది, ఉగాదీ పోయింది. అడిగినప్పుడల్లా ఒకసారి కూలీలు లేరన్నాడు, ఒకసారి ఇసుక లేదన్నాడు. "నీ డబ్బు ఎక్కడికీ పోదు బాబాయ్" అన్నాడు.

ముహూర్తమే ముడి బిగించింది

చివరకు 2023 నిజ శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నారు. కార్డులు పంచారు. ఇంకా నాలుగు లక్షలు ఇవ్వవలసి ఉంది. పని పూర్తయ్యాక ఇద్దామని ఆ రైతు అనుకున్నారు. రెండు రోజుల ముందు బిల్డరు కబురు పెట్టాడు. మొత్తం సొమ్ము ముడితేనే తాళం ఇస్తానన్నాడు.

అప్పటికి లిఫ్టు గుంత ఖాళీగా ఉంది. వంటింటి కుళాయిలో నీళ్లు లేవు. "చుట్టాలను పిలిచి తాళం లేదని ఎట్లా చెబుతాం? నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇచ్చాం" అని ఆయన భార్య కంటతడి పెట్టుకున్నారు. పాలు పొంగాయి. ఆ మర్నాటి నుంచి బిల్డరు ఫోను ఎత్తడం మానేశాడు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానలకు పడమటి గోడ లోపలివైపు చెమర్చింది. రంగు పొరలు పొరలుగా ఊడింది. పైవారి స్నానాలగది నీరు వీరి వంటింటి స్లాబులోంచి కారడం మొదలైంది. ఆ ఎండాకాలానికి గోడలో వేలు పట్టేంత బీట వచ్చింది. కరెంటు మీటరు ఇప్పటికీ నిర్మాణ సమయంలో తీసుకున్న తాత్కాలిక కనెక్షన్ మీదే నడుస్తోంది. భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాలేదు. 1,150 చదరపు అడుగులని చెప్పిన ఫ్లాటును లోపల కొలిపిస్తే 860 తేలింది.

బీటలకు కారణం ఏమిటి?

డెల్టాలో చాలాచోట్ల నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. నేలను పరీక్షించి అందుకు తగిన పునాది వేయకపోతే భవనం ఒకవైపు కుంగి గోడలు పగులుతాయి. సిమెంటు పనికి నీళ్లు కట్టడం మరో ముఖ్య విషయం. స్లాబును కనీసం ఏడు రోజులు, ఎండలు ముదిరిన రోజుల్లో పది రోజులు తడి ఆరకుండా ఉంచాలి. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు లెక్కిస్తారు. తొందరపడి తడుపు మానేసినా, స్నానాలగదుల అడుగున నీరు దిగకుండా చేసే పూత ఎగ్గొట్టినా ఆ లోపం పైన రంగు వేసిన రోజున కనబడదు. మొదటి వానకే బయటపడుతుంది.

చట్టం ఉంది, చుట్టూ సందులూ ఉన్నాయి

ఇల్లు కొనేవారి రక్షణకు 2016లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. జనం దాన్ని రెరా అంటున్నారు. 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. ఈ చట్టం ప్రకారం ప్రాజెక్టును రిజిస్టరు చేయించకుండా ప్రకటనలు ఇవ్వరాదు, అమ్మరాదు. రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు. కొన్నవారి నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం విడిగా బ్యాంకు ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే ఖర్చు పెట్టాలి. గోడల మధ్య వాడుకునే కార్పెట్ ఏరియా ఎంతో చెప్పి తీరాలి. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోగా కట్టడంలోగానీ, పనితనంలోగానీ లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగు చేయాలి. చెప్పిన గడువుకు ఇవ్వకపోతే కొన్నవారు వడ్డీతో సహా సొమ్ము వెనక్కు అడగవచ్చు. ఈ హక్కుకు షరతులు లేవని 2021లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

అయితే చిన్న పట్నాల్లో కొనేవారు గమనించవలసిన సందు ఒకటుంది. స్థలం 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 598 గజాలకు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ రైతు కొన్న భవనం 420 గజాల్లో ఆరు ఫ్లాట్లు! అందుకే దానికి నంబరూ లేదు, గడువు రాసిన దాఖలా ఎక్కడా లేదు.

అంతమాత్రాన దిక్కులేదని అనుకోనక్కర్లేదు. ఇల్లు కట్టి ఇవ్వడం కూడా సేవ కిందికే వస్తుందని 1993లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రెరా ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు పోదని 2020లో మరోసారి చెప్పింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయలు మించకపోతే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 20 లక్షలు దాటి 50 లక్షల లోపుంటే ఫీజు వెయ్యి రూపాయలు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. కాకపోతే రెండేళ్ల గడువు దాటనీయరాదు. సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

కాగితం మీద 22, చేతిలో 34

ఈ రైతు 2025 జనవరిలో బిల్డరుకు నోటీసు పంపారు. జవాబు లేదు. గడువు ఇంకా నెల ఉందనగా జూలైలో గుంటూరులోని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేశారు. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. స్టాంపు డ్యూటీ మిగులుతుందన్న బిల్డరు మాట విని దస్తావేజులో 22 లక్షలే రాయించారు. మిగతా 12 లక్షలు రొక్కంగా ఇచ్చారు. రసీదు లేదు.

"వేలల్లో మిగులుతుందని ఆశపడ్డాను. లక్షలకు సాక్ష్యం పోగొట్టుకున్నాను" అని ఆయన అంటున్నారు. ధర తగ్గించి రాయించడం తప్పు అని తెలియకపోలేదని, అందరూ చేస్తున్నదే గదా అనుకున్నానని ఆయన దాచకుండా చెప్పారు.

కొనేముందు ఇవి చూడండి

ముందుగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీయించాలి. స్థలంపై రిజిస్టరైన తనఖాలు ఉన్నదీ లేనిదీ అందులో తెలుస్తుంది. లింకు దస్తావేజులు, మంజూరైన ప్లాను తెలిసిన వకీలుకు చూపించాలి. స్థలం ఒకరిది, కట్టేది మరొకరైతే ఏ ఫ్లాటు ఎవరి వాటాకు వచ్చిందో వారి ఒప్పందంలో చూసుకోవాలి. పెద్ద ప్రాజెక్టు అయితే రెరా నంబరు అడిగి, నెట్‌లో సరిచూసుకోవాలి.

ఒప్పందంలో ఇల్లు ఇచ్చే తేదీ, ఆలస్యానికి పరిహారం, కార్పెట్ ఏరియా, లిఫ్టు, బోరు, వాడే సామాను వివరంగా రాయించాలి. వాయిదాలు నెలల లెక్కన గాక, జరిగిన పనిని బట్టి పెట్టుకోవాలి. సొమ్ము బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.

తాళం తీసుకునే ముందు స్నానాలగదిలో తూము మూసి ఒక రోజంతా నీరు నిలిపి, కింది ఇంటి కప్పు చూడాలి. నేల బండలను కర్రతో తట్టితే డొల్ల శబ్దం రాకూడదు. కుళాయిలు, స్విచ్చులు అన్నీ వేసి చూడాలి. కనబడ్డ లోపాలు రాసి, ఫొటోలు తీసి, బిల్డరు సంతకం తీసుకోవాలి. నోటీసు పంపవలసివస్తే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, చేతికి తాళం, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకుండా ముహూర్తం పెట్టుకోవద్దు.

ఎనిమిది ఫ్లాట్ల లోపు భవనాల్లో పల్లెలవారూ కొంటున్నారు. ప్లాను మంజూరు చేసే అధికారులు ఆ భవనాలు పూర్తయ్యాక కూడా వెళ్లి చూస్తే, సర్టిఫికెట్ లేని ఇళ్లలో ఎందరు కాపురముంటున్నారో తెలుస్తుంది.

ఆ రైతు ఫిర్యాదు మీద వాయిదాలు నడుస్తున్నాయి. లిఫ్టు గుంతకు చెక్క అడ్డం పెట్టారు. మోకాళ్ల నొప్పుల కోసం ఇల్లు మారిన ఆయన భార్య, రెండంతస్తుల మెట్లు ఎక్కలేక ఆసుపత్రికి తప్ప కిందికి దిగడం లేదు. ఈ విలేకరి సెలవు తీసుకుంటుండగా ఆ రైతు వీధి గుమ్మం దాకా వచ్చి అన్న మాట ఇది: "కాగితం రాసుకుంటే చుట్టరికం చెడుతుందనుకున్నాను నాయనా. రాసుకోకపోబట్టే చెడింది."