అరవై రెండు వేల కారు

మా ఇంటి ముందు కారు వచ్చి నిలిచిన నాడు వీధిలో నలుగురూ నాలుగు మాటలు అన్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సైకిలు మీద బడికి పోయిన మాస్టారికి పింఛను వచ్చాక షోకు పుట్టిందన్నారు కొందరు. ఎదురింటి ఒడియా పెద్దమనిషి మాత్రం దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టైరును కాలితో తట్టి చూసి, "చిన్నదైతేనేం ఆగ్యా, ఇనుమే గదా" అని ధైర్యం చెప్పి వెళ్ళారు. ఆయన మాట మూడింట రెండు పాళ్ళు నిజమైంది. తక్కిన పాలు తుప్పు అని తరువాత తెలిసింది.

మాకు కారు అవసరం షోకు వల్ల రాలేదు. బరంపురంలో మావి నాలుగు తరాలు. అయినా పిల్లల్ని ఇవ్వడం, తెచ్చుకోవడం అంతా ఇచ్ఛాపురానికి అవతలే. మా అప్పను ఉద్దానంలో ఇచ్చారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల మధ్య ఆ ఊళ్ళు చూడముచ్చటగా ఉంటాయి. ఆ పచ్చదనం చాటున ఎన్నో ఏళ్ళుగా మూత్రపిండాల జబ్బు ఇంటింటా తిరుగుతున్నది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు నేటికీ ఒక్క మాటగా తేల్చలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా బావ కొబ్బరితోటను నేలమట్టం చేసింది. ఆ సంవత్సరం చివరికే వైద్యులు ఆయనకు డయాలసిస్ తప్పదన్నారు. వారానికి రెండు మార్లు, మారుకు నాలుగు గంటలు.

ఆసుపత్రికి పోవడం ఒక ఎత్తు, రావడం ఒక ఎత్తు. పోయేటప్పుడు మనిషి నడుస్తాడు. వచ్చేటప్పుడు రక్తపోటు పడిపోయి, కళ్ళు తిరిగి, పడుకోబెడితే చాలుననే స్థితిలో ఉంటాడు. ఆ మనిషిని బస్సులో నిలబెట్టలేము, మోటారు సైకిలు మీద కూర్చోబెట్టలేము. శుక్రవారం మా మేనల్లుడు స్నేహితుని కారు అడిగి తీసుకుపోతానన్నాడు. మంగళవారం మేము ఒప్పుకున్నాము. మేము తెల్లవారుజామున బరంపురంలో బయలుదేరి, బావను ఎక్కించుకొని ఆసుపత్రికి పోయి, దింపి, రాత్రికి ఇల్లు చేరాలంటే సుమారు 140 కిలోమీటర్లు. అద్దె కారువాడు రోజుకు 2,500 రూపాయలు అడిగాడు. అంటే నెలకు పదివేలు. కొత్త కారు మాటే మా పింఛనుకు అందదు. పాత కారు చూద్దామన్నాము.

ఏ కారు అన్నదానికి పెద్ద ఆలోచన అక్కరలేకపోయింది. మారుతి 800 తెలియని ఇల్లు ఏది? 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలు చేతికిచ్చిన నాటినుంచి, 2014 జనవరిలో తయారీ ఆపే దాకా పాతిక లక్షలకు పైగా రోడ్డెక్కాయి. (అదే సంవత్సరం అంబాసిడరు కూడా ఆగిపోయింది, మా తరానికి ఒకే ఏడు ఇద్దరు పెద్దలు పోయినట్లయింది.) మూడు సిలిండర్లు, 796 సి.సి. ఇంజను, పన్నెండు అంగుళాల చక్రాలు. సందులో తిరుగుతుంది. చెడితే ఏ ఊరి షెడ్డులోనైనా విప్పగలవాడు ఉంటాడు, సామాను దొరుకుతుంది. పాత బండికి ఇంతకంటె గొప్ప గుణం లేదు.

2019 జనవరిలో రెండు కార్లు చూశాము. ఒకటి మా ఊరిదే, ఓ.డి. 07 నెంబరు, రంగు వెలిసి, ఒక తలుపు సొట్టపడి ఉన్నది, కాగితాలన్నీ చేతిలో ఉన్నాయి, 72,000 చెప్పారు. రెండోది ఏ.పి. 30, అంటే శ్రీకాకుళం నెంబరు, 2009 జూనులో రిజిస్టరయింది, ఎర్రగా, అద్దంలా మెరుస్తున్నది, 62,000. కాగితాల సంగతి అడిగితే మధ్యవర్తి "అన్నీ ఉన్నాయండీ, ఒక్క ఎన్.ఓ.సి. రావాలి, వారంలో ఇప్పిస్తాను" అన్నాడు. పదివేలు మిగులుతాయి గదా అని మేము రెండోదే తీసుకున్నాము. డబ్బంతా ఇచ్చిన మరునాడు మెకానిక్కు దగ్గరకు తీసుకుపోయాము. ముందు మెకానిక్కు, తరువాత డబ్బు అన్న వరుస మాకు అప్పుడు తట్టలేదు. అతను శ్రీకాకుళం వైపువాడే. బానెట్టు ఎత్తి చూసి, కింద పడుకొని చూసి, లేచి చేతులు తుడుచుకుంటూ, "రంగుకి డబ్బులిచ్చీసేరు మాస్టారూ, బండి చూళ్ళేదు" అన్నాడు.

రబ్బరు చాపలు ఎత్తి చూపించాడు. డ్రైవరు కాళ్ళ కింద రేకు అప్పడంలా ఉన్నది. స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే రోడ్డు కనిపించింది. మనది సముద్రతీరం, ఉప్పుగాలి. ఇక్కడ తిరిగిన బండికి పైరంగు చూడకూడదట, చాపల కింద, తలుపుల అడుగున చూడాలట. తలుపు అడుగు అంచున నీరు కారేందుకు చిన్న చిన్న బెజ్జాలుంటాయి. అవి మట్టితో మూసుకుంటే వాననీరు లోపలే నిలిచి తలుపును లోపలినుంచి తింటుంది. ఇంకా చాలా చెప్పాడు. ఇంజను చల్లగా ఉండగా మన కళ్ళ ఎదుటే స్టార్టు చేయించాలి. నీలం పొగ వస్తే లోపల ఆయిలు కాలుతున్నట్లు, తెల్లపొగ ఎంతకూ ఆగకపోతే నీరు లోపలికి పోతున్నట్లు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మా బండి టైర్లకు గీతలు బాగానే ఉన్నాయి గాని అంకెలు చూస్తే ఎనిమిదేళ్ళ నాటివి. మీటరులో 48,000 కిలోమీటర్లని ఉన్నది. బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగి ఇనుము తేలింది. ఆ రెండింటిలో ఏది నిజం చెబుతున్నదో మేము వేరే అడగలేదు.

తుప్పుకు వెల్డింగు ఉన్నది. కాగితాలకు అది లేదు. మధ్యవర్తి చెప్పిన వారం నెలయింది. చివరకు మేమే వెళ్ళి విచారిస్తే, ఆర్.సి. మీద ఒక ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా ఉన్నదని తెలిసింది. అప్పు ఎప్పుడో తీరింది, పేరు మాత్రం కొట్టించలేదు. ఆ పేరు పోవాలంటే కంపెనీవారు ఫారం 35 మీద సంతకం చేయాలి. అది పోతేగాని శ్రీకాకుళంలో ఫారం 28, అంటే ఆ ఎన్.ఓ.సి., ఇవ్వరు. అది లేనిదే ఒడిశాలో నెంబరు లేదు, మా పేరు లేదు. మనవంటి సరిహద్దు కుటుంబాలవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి: ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడి నెంబరు తీసుకోవలసిందే, ఇక్కడి పన్ను కట్టవలసిందే. బంధువుల కారు తెచ్చి ఏళ్ళ తరబడి తిప్పుతున్నవారు మనలో లేకపోలేదు.

కంపెనీ శాఖ శ్రీకాకుళంలో ఎత్తేశారు. విశాఖపట్టణం పొమ్మన్నారు. అక్కడివారు ఆఖరి వాయిదా రసీదు చూపమన్నారు. రసీదు ఉంటే గింటే మొదటి యజమాని దగ్గర ఉండాలి. ఆయన విజయనగరంలో కూతురింట ఉన్నారని మూడు చోట్ల అడిగి తెలుసుకొని పోయాము. ఆయన మాకు ఏమీ బాకీ లేరు. అయినా మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, అటక మీద రేకుపెట్టె దింపించి, పెళ్ళిళ్ళ శుభలేఖల మధ్యనుంచి 2012 నాటి రసీదు తీసి ఇచ్చారు. "బండి ఇంకా తిరుగుతున్నదా? తెస్తే చూసేవాణ్ణిగా" అని నొచ్చుకున్నారు.

ఈ తిరుగుడంతా నాలుగు నెలలు. అన్నాళ్ళూ కారు మా వాకిట్లో ఉన్నది, మేము దాన్ని సరిహద్దు దాటించలేదు. యజమాని పేరు వేరు, ఇన్సూరెన్సు వేరేవారి పేరున. దారిలో ఎవరికైనా తగిలితే ఎవరు పూచీ? ఆ మంగళవారాలు కొన్ని అద్దె కారు, కొన్ని ఆటో. మార్చి నెలలో ఒకనాడు ఆసుపత్రి నుంచి వస్తూ బావ ఆటోలోనే స్పృహ తప్పి పక్కకు ఒరిగాడు. మా అప్ప చెంగు పట్టి ఆపకపోతే రోడ్డు మీద పడేవాడే. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ ఎర్ర రంగును చూస్తే మాకు వళ్ళు మండిపోయింది. మేము మిగిల్చామనుకున్న పదివేలు ఇవి.

మే నెలలో ఓ.డి. 07 నెంబరు వచ్చింది.

ఖర్చు లెక్క మా ఇంటావిడ ఒక నోటుపుస్తకంలో రాసింది. కారు 62,000. అడుగు రేకు వెల్డింగు, క్లచ్చి ప్లేటు, రేడియేటరు, నాలుగు టైర్లు, టైమింగు బెల్టు కలిసి 31,000. పన్ను, ఫీజులు, మా తిరుగుళ్ళు 14,000. పెట్రోలు కాకుండానే లక్షా ఏడువేలు. అద్దె కారయినా ఏడాదికి లక్షా ముప్పై వేలే అవుతుంది. పెట్రోలూ, కారు లేని నాళ్ళ అద్దెలూ కలుపుకుంటే మొదటి ఏడు మేము లాభపడ్డది ఏమీ లేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నామంటే, చవక కారు కొన్నవారందరూ కొన్న ధరే చెబుతారు. తక్కినది నోటుపుస్తకంలో ఉంటుంది, అది బయటికి తీయరు. రెండో ఏటినుంచి మాత్రం మాట వేరు. లీటరుకు పదహారు కిలోమీటర్లు వస్తున్నది. పెట్రోలు నూరు రూపాయలు దాటాక కూడా ఒక మంగళవారానికి తొమ్మిది వందల చిల్లర. ఇంత చిన్న ఇంజనుకు థర్డు పార్టీ ఇన్సూరెన్సు 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం ఏడాదికి 2,094, పైన పన్ను. మరమ్మతులకు ఏడాదికి పది పన్నెండు వేలు తీసి పక్కన పెడతాము. చెడినప్పుడు వెతుక్కుంటే కుదరదు, సోమవారం సాయంత్రం చెడితే మంగళవారం ఆగదు.

అందుకే సోమవారం మాకు కారు రోజు. చల్లారిన ఇంజనులో నీరు, ఆయిలు, బ్రేకు నూనె చూస్తాము. టైర్లలో గాలి, స్టెపినీతో సహా. ఈ బండికి ముఖ్యమైనది నీరే. వేడెక్కనిస్తే ఇంజను తల వంకరపోతుంది, ఇక ఆ ఖర్చు కారు ధరలో సగం. సూది ఎర్రగీత వైపు పోతే, ఇంకొక్క మైలే గదా అనకుండా ఆపేయాలి. పెట్రోలులో ఇథనాలు ఇరవై పాళ్ళ దాకా కలపడం మొదలయ్యాక మెకానిక్కు పెట్రోలు గొట్టాలు మార్చాడు, పాత రబ్బరు దానికి తట్టుకోదట. మైలేజీ కూడా కాస్త తగ్గింది. 2020లో లాక్‌డౌను పెట్టి సరిహద్దు మూసినప్పుడు కారు ఇవతల, బావ అవతల. మేనల్లుడే రెండు రోజులూ మోశాడు. వారాల తరబడి నిలిచిపోయి మా బ్యాటరీ చచ్చింది. ఊరికే ఉంచేటప్పుడు దాని తీగ ఒకటి ఊడదీసి ఉంచాలని అప్పుడు నేర్చుకున్నాము.

కారులో బావ ఎప్పుడూ ముందు సీటే. పోయేటప్పుడు నిటారుగా కూర్చొని మా డ్రైవింగుకు వంకలు పెడతాడు. వచ్చేటప్పుడు సీటు వెనక్కి వంచి కళ్ళు మూసుకుంటాడు. అప్ప వెనకనుంచి చల్లని గుడ్డ నుదుట వేస్తుంది. ఆ దారిలో మేము అరవై దాటించము. పక్కన లారీలు హారను కొట్టి పోతాయి, పోనీ.

2024 జూనుకు కారుకు పదిహేనేళ్ళు నిండాయి. సొంత కారుకు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళే. ఆ తరువాత పరీక్ష చేయించి అయిదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిలుకు ముందు 600 ఉండేది, అప్పటినుంచి 5,000 చేశారు. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఫోనులో, "తుక్కుకి ఇచ్చేయండి నాన్నా, నేనేదైనా చూస్తాను" అన్నాడు. వాడు ప్రేమతోనే అన్నాడు. కాని వాడు చూసేలోపల ఎన్ని మంగళవారాలు? పరీక్షకు మునుపు బ్రేకులు, ఒక సైలెన్సరు, ముందు దీపం ఒకటి మార్పించాము. అధికారి దీపాల వెలుగు గోడ మీద వేయించి, ఎడమది ఎత్తుగా ఉన్నదని ఒకసారి వెనక్కి పంపాడు. మరలా వెళ్ళాము. ఛాసిస్ నెంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నారు. 2029 దాకా ఇచ్చారు.

తరువాతి మంగళవారం ఆసుపత్రి వాకిట్లో బావ తలుపు పట్టుకొని నెమ్మదిగా ఎక్కుతూ, "ఎన్నాళ్ళకిచ్చేరు దీనికి?" అని అడిగాడు.

"అయిదేళ్ళు బావా."

"దీనికి అయిదేళ్ళు" అని ఆయన కొంచెం సేపు ఆగాడు. "సరే, సీటు వంచు."

సీటు మీట బిగిసి ఉన్నది. అప్ప వెనకనుంచి నెడితేగాని వంగలేదు. ఆ వచ్చే సోమవారం దానికి నూనె వేయించాము.