కనెక్షన్ ఉంది, ఇంటర్నెట్ లేదు!

2020 ఏప్రిల్ 15న సింగపూర్‌లో స్టార్‌హబ్ వారి ఫైబర్ ఇంటర్నెట్ కొన్ని గంటలపాటు ఆగిపోయింది. మామూలు రోజుల్లో అయితే ఇదంత పెద్ద వార్త కాదు. కానీ అప్పటికి వారం రోజులుగా "సర్క్యూట్ బ్రేకర్" పేరుతో దేశమంతా ఇళ్ళకే పరిమితమై ఉంది. ఆఫీసు ఇంట్లోనే, పిల్లల బడీ ఇంట్లోనే. అటు ఇండియాలో లాక్‌డౌన్. టాంపినీస్‌లో ఉన్నవాళ్ళు తెనాలిలో ఉన్న అమ్మానాన్నల ముఖం చూడాలన్నా ఆ తీగే దిక్కు. తమ డొమైన్ నేమ్ సర్వర్లలో ఒకదానిలో వచ్చిన సమస్యే దీనికి కారణమని కంపెనీ ప్రకటించింది. ఈ అంతరాయానికిగాను 2021లో ఐఎమ్‌డీఏ ఆ కంపెనీకి 2,10,000 సింగపూర్ డాలర్ల జరిమానా వేసింది.

ఇలాంటి రోజున మన కంప్యూటర్ ఏమంటుంది? వై-ఫై గీతలు నిండుగా చూపిస్తూ "కనెక్టెడ్" అంటుంది. పేజీ మాత్రం ఒక్కటీ రాదు.

మనలో చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్ళే. ఆఫీసులో నెట్‌వర్క్ పోతే నెట్‌వర్క్ టీమ్‌కి ఒక టికెట్ వేసి కాఫీకి వెళతాం. ఇంట్లో పోతే ఆ టీమ్ మనమే! అప్పుడు చేసేదేమిటి? రూటర్ ఆపి మళ్ళీ వేస్తాం. కుదరకపోతే కనిపించిన సెట్టింగ్ అల్లా మారుస్తాం. చివరికి విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తాం. తప్పు మన కంప్యూటర్‌లో ఉందో, కంపెనీ సర్వర్‌లో ఉందో తెలుసుకోకుండా ఇవన్నీ చేస్తే, బయటి సమస్య తీరిపోయాక కూడా మనం మార్చిన సెట్టింగుల వల్ల ఇంటర్నెట్ రాకుండా కూర్చుంటుంది. అందుకని ఎక్కడ తెగిందో కనిపెట్టడం ఎలాగో ముందు చూద్దాం.

"కనెక్టెడ్" అంటే ఎంతవరకు?

ఇంట్లో కంప్యూటర్‌లో ఒక వెబ్ పేజీ తెరుచుకోవాలంటే నాలుగు పనులు వరసగా జరగాలి.

1. కంప్యూటర్‌కీ రూటర్‌కీ మధ్య తీగ ద్వారానో వై-ఫై ద్వారానో లంకె కుదరాలి.
2. కంప్యూటర్‌కి ఒక ఐపీ చిరునామా దొరకాలి.
3. ఆ చిరునామా నుంచి వెళ్ళిన ప్యాకెట్లు రూటర్ దాటి బయటికి వెళ్ళి, జవాబుతో తిరిగి రావాలి.
4. మనం టైపు చేసిన వెబ్‌సైట్ పేరుకి ఐపీ చిరునామా ఏదో చెప్పే డీఎన్ఎస్ పని చేయాలి.

"కనెక్టెడ్" అన్న మాట ఇందులో మొదటిదానికే హామీ. గీతలు నిండుగా ఉన్నాయంటే మీ కంప్యూటర్‌కి రూటర్ మాట బాగా వినిపిస్తోందని అర్థం, అంతే. రూటర్‌కి అవతల ప్రపంచం ఉందో లేదో ఆ గీతలకి తెలియదు.

మరి విండోస్ 10, 11లలో కనిపించే "నో ఇంటర్నెట్" అన్న మాట సంగతేమిటి అంటారా? దాని కథ సరదాగా ఉంటుంది. విండోస్ ఒక మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి చిన్న టెక్స్ట్ ఫైలు తెచ్చుకునే ప్రయత్నం చేస్తుంది. అందులో "మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్" అన్న మూడు మాటలుంటాయి. అవి వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. ఏ ఫైర్‌వాలో, వీపీఎన్నో ఆ ఒక్క ఫైలుని అడ్డుకుంటే, మిగతా సైట్లన్నీ వస్తున్నా విండోస్ "లేదు" అనే అంటుంది. కాబట్టి ఆ గుర్తుని ఒక సూచనగా తీసుకోవాలి గాని తీర్పుగా తీసుకోకూడదు.

మొదటి మెట్టు: తీగ, గాలి

సింగపూర్‌లో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చే జాతీయ నెట్‌వర్క్ మీద సేవలు 2010లో మొదలయ్యాయి. గోడ నుంచి వచ్చే సన్నటి ఫైబర్ తీగ ముందుగా ఓఎన్‌టీ అనే చిన్న పెట్టెలోకి వెళుతుంది. అక్కడి నుంచి మామూలు లాన్ కేబుల్ రూటర్‌లోకి వెళుతుంది. కొన్ని ఇళ్ళలో రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. ఓఎన్‌టీ మీద పీఓఎన్ అన్న దీపం నిలకడగా వెలుగుతుంటే కాంతి సంకేతం ఇంటిదాకా వస్తున్నట్టు. ఎల్ఓఎస్ అన్న దీపం ఎర్రగా వెలిగినా, మిణుకుమిణుకుమన్నా ఫైబర్ ఎక్కడో మడత పడిందో, ఊడిందో, తెగిందో అన్నమాట. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని ఏం చేసినా ప్రయోజనం లేదు. కంపెనీకి ఫోన్ చేయడమే పని.

వై-ఫై విషయంలో మన ఫ్లాట్లకి ఒక ప్రత్యేకత ఉంది. 1990ల చివరి నుంచి కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో మందపాటి కాంక్రీట్ గోడలు, ఇనుప తలుపు ఉన్న షెల్టర్ గది ఉంటుంది. అడ్డు లేకుండా ఉంటుందని రూటర్‌ని అందులో పెట్టి తలుపు వేస్తే, బాంబుల్ని ఆపడానికి కట్టిన గోడ వై-ఫైని ఆపదా? దానికి తోడు, బ్లాకులో పైనా కిందా పక్కనా ఉన్న ఇళ్ళ రూటర్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డుపడని మూడే చానళ్ళ కోసం (1, 6, 11) పోటీ పడుతుంటాయి. వీలైతే 5 గిగాహెర్ట్జ్ వాడండి.

దీనికి పరీక్ష తేలిక. ఒక లాన్ కేబుల్ తీసుకుని కంప్యూటర్‌ని నేరుగా రూటర్‌కి తగిలించండి. పేజీ వచ్చిందా, తప్పు వై-ఫైది. రాలేదా, రెండో మెట్టుకి వెళ్ళండి.

రెండో మెట్టు: చిరునామా

విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, సీఎమ్‌డీ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. వచ్చిన నల్లటి కిటికీలో ఐపీకాన్ఫిగ్, ఒక ఖాళీ, స్లాష్, ఆల్ అని కొట్టండి. అక్కడ కనిపించే వాటిలో మూడు వరసలు రాసుకోండి: ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే, డీఎన్ఎస్ సర్వర్లు.

చిరునామా 192.168తోనో 10తోనో మొదలైతే సాధారణంగా బాగున్నట్టే. ఇది ఇంటి లోపలి చిరునామా. టాంపినీస్‌లో 8వ అంతస్తు, ఫలానా యూనిట్ అని చెబితే ఏ బ్లాకో తెలియకుండా పోస్ట్‌మాన్ రాలేడు కదా. అలాంటి యూనిట్ నంబరు ప్రతి బ్లాకులోనూ ఉంటుంది. 192.168 చిరునామా ఆ యూనిట్ నంబరు లాంటిది. బయటి ప్రపంచానికి కనిపించే బ్లాకు నంబరు రూటర్ దగ్గర ఉంటుంది.

చిరునామా 169.254తో మొదలైతే మాత్రం గొడవ ఉన్నట్టే. "నాకు చిరునామా ఇవ్వండి" అని కంప్యూటర్ అడిగింది, ఎవరూ పలకలేదు, దాంతో తనకి తానే ఒకటి పెట్టుకుంది. చిరునామాలు పంచే ఈ పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, ఆ తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ కొడితే మళ్ళీ అడుగుతుంది. అప్పటికీ రాకపోతే రూటర్ ఒకసారి ఆపి వేయడం ఇక్కడ నిజంగా ఉపయోగపడుతుంది. పాత ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరైనా చేత్తో నింపిన చిరునామా అలాగే ఉండిపోయిందేమో కూడా చూడండి. ఉంటే "ఆటోమేటిక్"కి మార్చండి.

ఇదే జబ్బు ఒక మెట్టు పైన కూడా రావచ్చు. 2016 డిసెంబర్ 3న సింగ్‌టెల్ ఫైబర్ ఇంటర్నెట్ చాలా ఇళ్ళలో ఆగిపోయింది. చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌లో సమస్య వచ్చిందని కంపెనీ చెప్పింది. ఇలాంటప్పుడు ఇంట్లో కంప్యూటర్‌కి 192.168 చిరునామా శుభ్రంగా ఉంటుంది. చిరునామా దొరకనిది రూటర్‌కి! రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ దగ్గర 0.0.0.0 అనో, ఖాళీగానో ఉంటే అదే సంగతి. తప్పు మనది కాదు. కంపెనీకి ఈ మాట చెబితే మొదటి పది ప్రశ్నలూ తప్పుతాయి.

మూడో మెట్టు: గుమ్మం దాటడం

ఇక్కడ మనకి పింగ్ సాయం చేస్తుంది. 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ రాసిన చిన్న ప్రోగ్రామ్ ఇది. జలాంతర్గాముల్లో సోనార్ చేసే చప్పుడు పేరే దీనికి పెట్టాడు. చప్పుడు పంపడం, ప్రతిధ్వని కోసం వినడం, ఇంతే దాని పని.

ముందు పింగ్ అని కొట్టి, ఇందాక రాసుకున్న డిఫాల్ట్ గేట్‌వే నంబరు ఇవ్వండి. జవాబు వస్తే రూటర్‌ దాకా దారి బాగుంది. తర్వాత పింగ్ 8.8.8.8 అని కొట్టండి. ఇది గూగుల్ వారి పబ్లిక్ డీఎన్ఎస్ సర్వర్. క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 అయినా సరే.

గేట్‌వే పలికి 8.8.8.8 పలకకపోతే, సమస్య చాలావరకు రూటర్‌లోనో దానికి అవతలో ఉన్నట్టు. ట్రేసర్ట్ 8.8.8.8 అని కొడితే ప్యాకెట్ ఎన్ని మజిలీలు దాటి ఆగిపోయిందో వరసగా కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని నెట్‌వర్కులు పింగ్‌కి కావాలనే జవాబివ్వవు. కాబట్టి ఒక్క నంబరు పలకలేదని తీర్పు చెప్పేయకండి. రెండు మూడు ప్రయత్నించండి.

నాలుగో మెట్టు: పేరు

8.8.8.8 పలుకుతోంది, కానీ గూగుల్ డాట్ కామ్ అని పింగ్ కొడితే "కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్" అంటోంది. దారి ఉంది, చిరునామా తెలియడం లేదు. ఇది డీఎన్ఎస్ సమస్య అని దాదాపు ఖాయం. 2020 ఏప్రిల్‌లో కంపెనీ చెప్పినదీ ఈ రకం కారణమే. అంతకుముందు 2016 అక్టోబర్ 22న, 24న కూడా అదే కంపెనీ ఇంటర్నెట్ ఆగినప్పుడు, బిగిసిపోయినవి డీఎన్ఎస్ సర్వర్లే.

పరీక్ష: ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి, వెబ్‌సైట్ పేరు, ఒక ఖాళీ, 8.8.8.8 ఇవ్వండి. "మా కంపెనీ సర్వర్‌ని కాదు, గూగుల్ సర్వర్‌ని అడుగు" అని దీని అర్థం. జవాబు వస్తే, కంప్యూటర్‌లోనో రూటర్‌లోనో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8, 1.1.1.1 పెట్టుకుంటే కంపెనీ సర్వర్ కోలుకునేదాకా ఎదురుచూడక్కర్లేదు. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం ఇలా మార్చకండి. ఆఫీసు లోపలి సర్వర్ల పేర్లు ఆఫీసు డీఎన్ఎస్‌కే తెలుసు.

మీరు పెట్టని డీఎన్ఎస్ నంబరు అక్కడ కనిపిస్తే అనుమానించండి. డీఎన్ఎస్ ఛేంజర్ అనే వైరస్ లక్షలాది కంప్యూటర్లలో ఈ ఒక్క నంబరునే మార్చింది. 2011లో ఎఫ్‌బీఐ ఆ ముఠాని పట్టుకున్నాక, బాధితుల ఇంటర్నెట్ ఆగిపోకుండా ఆ సర్వర్ల స్థానంలో మంచి సర్వర్లు నడిపించారు. 2012 జూలై 9న వాటిని ఆపేశారు. అప్పటికీ వైరస్ తీయించుకోని కంప్యూటర్లకి ఆ రోజు నుంచి కనెక్షన్ ఉన్నా ఇంటర్నెట్ లేదు!

నాలుగూ బాగుండి పేజీ రాకపోతే?

అప్పుడు ఈ మూడూ చూడండి. ఒకటి, ప్రాక్సీ: ఆఫీసు కోసం పెట్టిన ప్రాక్సీ సెట్టింగ్ ఇంట్లో తీయకపోతే బ్రౌజర్ లేని సర్వర్ కోసం వెతుకుతుంటుంది. రెండు, వీపీఎన్, యాంటీవైరస్: కొన్ని వీపీఎన్‌లు తమ కనెక్షన్ తెగగానే మిగతా ఇంటర్నెట్ మొత్తాన్ని కావాలనే ఆపేస్తాయి. మూడు, గడియారం: పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. సురక్షితమైన సైట్ల సర్టిఫికెట్లు ఆ తేదీకి ఇంకా పుట్టే ఉండవు! బ్రౌజర్ వాటిని నమ్మనంటుంది. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే సరి.

అమ్మానాన్నల కంప్యూటర్, మన ఫోన్

ఇక అసలు పరీక్ష ఇది. ఇండియాలో రాత్రి ఏడున్నర, ఇక్కడ పది. "ఇంటర్నెట్ రావట్లేదురా" అని ఫోన్. ఐపీకాన్ఫిగ్ జోలికి వెళ్ళకుండా మనకి బాగా తెలిసిన బైనరీ సెర్చ్ వాడుదాం. సమస్యని సగానికి కోసే ప్రశ్నలు అడగండి.

"నాన్నగారూ, మీ ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, వై-ఫై మీద ఏదైనా కొత్త పేజీ తెరిచి చూడండి." వస్తే తప్పు కంప్యూటర్‌లో. రాకపోతే రూటర్‌లోనో, బయటో. మొబైల్ డేటా ఆపమనడం మర్చిపోకండి. లేకపోతే ఫోన్ తెలివిగా దారి మార్చేసి మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

ఫోన్‌లో వస్తే: "కంప్యూటర్ మూల తేదీ ఎంతుంది?" రాకపోతే: "అమ్మా, ఆ పెట్టె మీద ఎర్ర దీపం ఏమైనా ఉందా? పక్కింటివాళ్ళకి వస్తోందా?" పక్కింట్లోనూ అదే కంపెనీ అయి వాళ్ళకీ రాకపోతే, ఆ రాత్రికి పడుకోమని చెప్పండి. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళు ఏదీ పాడుచేయలేదు. పెద్దవాళ్ళకి ఆ మాట చెప్పడం కూడా ముఖ్యమే. "నేనేదో నొక్కేశానేమో" అన్న బెంగతోనే చాలామంది కంప్యూటర్ ముట్టుకోవడం మానేస్తారు.

ఇంకొక్క మాట వాళ్ళకి తప్పకుండా చెప్పండి. వెతికితే దొరికిన ఏదో కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేయొద్దు. "మీ ఇంటర్నెట్‌లో లోపం ఉంది, సరిచేస్తాం" అని ఎవరైనా ఫోన్ చేసి, స్క్రీన్ చూపించే సాఫ్ట్‌వేర్ వేయమంటే వేయొద్దు. ఇంటర్నెట్ కంపెనీ ఉద్యోగులమని చెప్పి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసేవాళ్ళ గురించి ఇక్కడ సింగపూర్ పోలీసులు కూడా పలుమార్లు హెచ్చరించారు. బిల్లు మీద ఉన్న నంబరుకే ఫోన్ చేయాలి.

ఈ నాలుగు మెట్లూ ఒక కాగితం మీద రాసి రూటర్ పక్కన అంటించుకోండి. ఇంటర్నెట్ లేనప్పుడు ఈ వ్యాసం తెరుచుకోదు మరి!