విమానంలో రేడియో వైఫల్యం

విమానంలో రేడియో వైఫల్యం అనగా గగనతలంలో ఉన్న పైలటుకూ, నేలపై ఉన్న విమాన రాకపోకల నియంత్రణ కేంద్రానికీ మధ్య మాటల సంబంధం తెగిపోవడం. ఇది రెండు వైపులా తెగవచ్చు, లేదా ఒక వైపు మాత్రమే తెగవచ్చు. అంటే పైలటుకు కింది మాట వినిపిస్తూ, అతని మాట కిందికి చేరకపోవచ్చు. లేదా దీనికి విపర్యయంగా జరగవచ్చు. పెద్ద ప్రయాణికుల విమానాలలో అదనపు రేడియోలూ, ఇద్దరు పైలట్లూ ఉంటారు. సెస్నా 152, సెస్నా 172 వంటి చిన్న విమానాలలో తరచు పైలటు ఒక్కడే, కొన్నిసార్లు ఒంటరిగా ఎగురుతున్న విద్యార్థి. కనుక ఈ సమస్య చిన్న విమానాలలోనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

రేడియో మూగవోయినంత మాత్రాన విమానం పడిపోదు. ఇటువంటి విమానాల పిస్టన్ ఇంజనుకు నిప్పురవ్వను అందించేవి మాగ్నెటోలు. ఇంజను తిరుగుతున్నంతసేపూ అవి బ్యాటరీతో నిమిత్తం లేకుండా పనిచేస్తాయి. చుక్కాని మొదలైనవి పైలటు కాలికీ చేతికీ లోహపు తీగలతో కలిపి ఉంటాయి. అసలు ప్రమాదం రెండు విధాలుగా వస్తుంది. ఒకటి, పైలటు మీటలతో కుస్తీ పడుతూ విమానం సంగతి మరచిపోవడం. రెండవది, అతడు ఏమి చేయబోతున్నాడో ఇతరులకు తెలియకపోవడం. అందుకే శిక్షకులు ఒక క్రమాన్ని నేర్పుతారు: మొదట విమానాన్ని నడపాలి, తరువాత దారి చూసుకోవాలి, ఆ తరువాతే మాట్లాడాలి.

మాట చేరే విధానం

పౌర విమానాల సంభాషణకు ప్రధానంగా 118 నుండి 137 మెగాహెర్ట్‌జ్‌ల మధ్యనున్న వీ.హెచ్.ఎఫ్. తరంగాలను వాడతారు. ఇవి దాదాపు సరళరేఖలో ప్రయాణిస్తాయి కనుక భూమి వంపు, కొండలు వీటికి అడ్డు. 1,000 అడుగుల ఎత్తున ఉన్న విమానం నేలమీది కేంద్రంతో సుమారు 39 నాటికల్ మైళ్ళ (72 కిలోమీటర్లు) వరకు మాట్లాడగలదు. 4,000 అడుగుల ఎత్తున ఈ దూరం రెట్టింపు అవుతుంది. కాబట్టి తక్కువ ఎత్తున జవాబు రాకపోతే రేడియో చెడిందని వెంటనే నిర్ణయించరాదు. అనుమతి, వాతావరణం అనుకూలిస్తే కొంత పైకి వెళ్ళి చూడవచ్చు.

ఇక్కడ ఏ.ఎం. పద్ధతిని వాడతారు. ఎఫ్.ఎం. అయితే బలమైన సంకేతం బలహీనమైనదాన్ని పూర్తిగా కప్పివేస్తుంది. ఏ.ఎం.లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కీచుమనే శబ్దం వస్తుంది. తరగతిలో ఇద్దరు పిల్లలు ఒక్కసారే జవాబు చెప్పినట్లు ఎవరి మాటా అర్థం కాదు గాని, ఇద్దరు మాట్లాడారన్న సంగతి తెలుస్తుంది. తెలిసినా చాలని సందర్భాలూ ఉన్నాయి. 1977 మార్చి 27న టెనెరిఫ్ ద్వీపపు రన్‌వేపై రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది మరణించినప్పుడు, కీలకమైన రెండు సందేశాలు ఒకే క్షణంలో వెలువడి ఈ కీచు శబ్దంలో కలిసిపోయాయి.

సాధారణ కారణాలు

కారణాలు చాలాసార్లు మిక్కిలి అల్పమైనవి. పౌనఃపున్యంలో ఒక అంకె తప్పుగా తిప్పడం, శబ్దపు మీట తగ్గి ఉండడం, హెడ్‌సెట్ ప్లగ్గు మోకాలు తగిలి సగం ఊడిరావడం వంటివే ఎక్కువ. స్క్వెల్చ్ మీటను తెరిస్తే చెవిలో బుస్సుమనే హోరు వినిపించాలి. వినిపిస్తే రిసీవరు నుండి చెవి దాకా మార్గం బాగున్నట్లే. అప్పుడు ఇంతకుముందు పనిచేసిన పౌనఃపున్యానికి తిరిగి వెళ్ళి చూడాలి. అక్కడా జవాబు లేకపోతే అత్యవసరాలకు కేటాయించిన 121.5 మెగాహెర్ట్‌జ్‌లపై పిలవవచ్చు.

మాట్లాడే మీట నొక్కుకొనిపోవడం మరొక రకం. దీనిలో చిక్కేమిటంటే పైలటుకు ఏమీ వినిపించదు కనుక తన రేడియో పోయిందనుకుంటాడు. నిజానికి అది ఎడతెగకుండా ప్రసారం చేస్తూ, ఆ పౌనఃపున్యంపై ఉన్న అందరి నోళ్ళూ మూయిస్తూ ఉంటుంది.

ఆల్టర్నేటరు చెడితే సంగతి వేరు. బ్యాటరీ కొద్దిసేపే వస్తుంది. వినడం కంటే మాట్లాడడానికి విద్యుత్తు ఎక్కువ ఖర్చవుతుంది కనుక, అనవసరమైన పరికరాలను ఆపి, చెప్పవలసినది క్లుప్తంగా ముందే చెప్పాలి. సెస్నా 172లో ఫ్లాపులు కూడా విద్యుత్తుతో పనిచేసేవే. అవి లేకుండా కొంత ఎక్కువ వేగంతో, పొడవైన రన్‌వేపై దిగవలసి రావచ్చు.

7600 సంకేతం

రాడారుకు విమానపు గుర్తింపును తెలిపే పరికరం ట్రాన్స్‌పాండరు. దీనిలో 7600 అని అమర్చితే రేడియో పోయిందని అర్థం. (7700 సాధారణ అత్యవసర పరిస్థితికి, 7500 విమానాపహరణకు.) అప్పుడు నియంత్రకుడు 'నా మాట వినబడితే ఎడమకు తిరుగు' అనో, 'ట్రాన్స్‌పాండరులోని గుర్తింపు మీట నొక్కు' అనో అడుగుతాడు. తెరపై ఆ మార్పు కనిపిస్తే, వినికిడి ఉన్నదని తేలుతుంది. అక్కడినుండి మాట లేకుండానే సంభాషణ సాగుతుంది.

రేడియో, ట్రాన్స్‌పాండరు రెండూ మూగవోతే ఏమవుతుందో 2006 సెప్టెంబరు 29న బ్రెజిల్‌లో జరిగిన ప్రమాదం తెలుపుతుంది. ఎంబ్రాయర్ లెగసీ అనే చిన్న జెట్ విమానం 37,000 అడుగుల ఎత్తున ఎగురుతోంది. దానికి అందిన అనుమతి ఆ ఎత్తుకే. ముందు సమర్పించిన ప్రయాణ ప్రణాళికలో మాత్రం బ్రసీలియా దాటిన తరువాత 36,000 అని ఉన్నది. ట్రాన్స్‌పాండరు ప్రసారం ఆగిపోయింది. సిబ్బంది దానిని గమనించలేదు. కేంద్రమూ సిబ్బందీ పలుమార్లు పిలుచుకున్నా మాట కలవలేదు. అదే ఎత్తున ఎదురుగా వచ్చిన గోల్ సంస్థ బోయింగ్ 737తో లెగసీ ఢీకొన్నది. బోయింగ్‌లోని 154 మందీ మరణించారు. లెగసీలోని ఏడుగురు క్షేమంగా దిగారు.

నిశ్శబ్దంలో నడవడి

మాట లేని పైలటు ఏమి చేస్తాడో కింది వారు ముందే ఊహించగలగాలి. నియమాలన్నీ దీనికోసమే. ఐకావో అనే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం, బయట స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు పైలటు మబ్బులలోకి పోకుండా, అనువైన దగ్గరి విమానాశ్రయంలో దిగాలి. మబ్బులలో ఉన్నట్లయితే చివరిగా ఇచ్చిన ఎత్తు, వేగాలను రాడారు లేనిచోట 20 నిమిషాలు, రాడారు ఉన్నచోట 7 నిమిషాలు పాటించి, తరువాత ప్రయాణ ప్రణాళిక ప్రకారం సాగాలి. అమెరికా నియమం కొంత భిన్నం. అక్కడ చివరి అనుమతిలోని ఎత్తు, త్వరలో ఇస్తామని చెప్పిన ఎత్తు, ఆ మార్గానికి కనీసపు ఎత్తు, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే దానిపై ఎగరాలి. ఏ దేశంలో ఎగురుతుంటే ఆ దేశపు నియమాన్ని బయలుదేరక ముందే చదివి ఉండడం మేలు. మబ్బులో పుస్తకం తెరిచే తీరిక ఉండదు.

దీపాల భాష

విమానాశ్రయం చేరిన పైలటు గాలి సంచినీ, ఇతర విమానాలు తిరుగుతున్న వలయాన్నీ గమనించి, ఆ వలయంలో చేరి, నియంత్రణ గోపురం వైపు చూడాలి. గోపురంలో రంగుల కాంతిపుంజాన్ని గురిచూసి పంపే దీపం ఉంటుంది. నిలకడగా ఉన్న ఆకుపచ్చ వెలుగుకు దిగవచ్చునని అర్థం. నిలకడైన ఎరుపు కనిపిస్తే ఇతరులకు దారి ఇచ్చి తిరుగుతూ ఉండాలి. మినుకుమనే ఆకుపచ్చకు దిగడానికి తిరిగి రమ్మని, మినుకుమనే ఎరుపుకు ఈ విమానాశ్రయం క్షేమం కాదు, దిగవద్దని అర్థం. పగలైతే రెక్కలు ఊపి, రాత్రి అయితే దీపాలను రెండుసార్లు వెలిగించి ఆర్పి, అర్థమైనట్లు తెలపాలి. నేలపై ఉన్న విమానానికి ఇవే రంగులు వేరు అర్థాలనిస్తాయి: నిలకడైన ఆకుపచ్చకు అర్థం పైకెగరవచ్చునని. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

నిషిద్ధ గగనతలంలోకి పోతే యుద్ధవిమానాలు పక్కకు రావచ్చు. 2005 మే 11న ఒక సెస్నా 150 దారి తప్పి వాషింగ్టన్ నగరం వైపు వచ్చినప్పుడు శ్వేతసౌధాన్ని ఖాళీ చేయించారు. ఎఫ్-16 విమానాలు మంటలు వదిలి హెచ్చరించి, దానిని మేరీలాండ్‌లో దింపించాయి.

దిగిన వెంటనే పైలటు ఫోను ద్వారానైనా నియంత్రణ కేంద్రానికి తెలియజేయాలి. రావలసిన సందేశం 30 నిమిషాలలోగా రాకపోతే ఐకావో నిబంధనల మేరకు 'అనిశ్చిత దశ' మొదలవుతుంది. ఆచూకీ దొరకకపోతే అది హెచ్చరిక దశగా, ఆపై ఆపద దశగా మారుతుంది. అప్పుడు వెతికేవారు కూడా విమానాలెక్కి బయలుదేరవలసి వస్తుంది.