తిరువూరులో ఎండీ డాక్టరు పని

ఎన్టీఆర్ జిల్లా ఉత్తరపు కొసన, తెలంగాణలోని ఖమ్మం జిల్లా సరిహద్దుకు చేరువలో ఉన్న తిరువూరు, 2022 ఏప్రిల్‌లో పూర్వపు కృష్ణా జిల్లా విడిపోయినప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రమైన పట్టణం. విజయవాడ నుంచి మైలవరం మీదుగా భద్రాచలం వైపు సాగే రహదారి మీద ఉన్నందువల్ల ఎ.కొండూరు, గంపలగూడెం, విస్సన్నపేట మండలాల పల్లెల నుంచీ, సరిహద్దు అవతలి ఊళ్ల నుంచీ జనం బజారు పనులకూ, ఆఫీసు పనులకూ, వైద్యానికీ ఇక్కడికే వస్తారు. మామిడి, పత్తి, మిరప సాగు మీద బతికే ఈ ప్రాంతంలో ఒంట్లో బాగోలేనివారు మొదట వెళ్లేది ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరకు. జబ్బు ముదిరాక చేరేది డెబ్బై కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న విజయవాడ పెద్దాసుపత్రికి. ఈ రెండు కొసల నడుమ నిలబడి, ఏ జబ్బును ఇక్కడే నయం చేయవచ్చో, దేనిని ఆలస్యం చేయకుండా పైకి పంపాలో తేల్చేవాడు ఫిజీషియన్. జనం నోట ‘ఎండీ డాక్టరు’గా వినిపించే ఈ వైద్యుడి చదువేమిటో, అతడికి చికిత్స చేసే అధికారం ఎక్కడి నుంచి వస్తుందో, రోగిని ఎలా చూస్తాడో తెలిసి ఉంటే ఆ నిర్ణయం విలువ రోగికీ అర్థమవుతుంది.

కోత, కుట్టు అవసరం లేకుండా, పెద్దవారి శరీరం లోపలి అవయవాలకు వచ్చే వ్యాధులను పరీక్షతోనూ మందులతోనూ నిర్వహించే శాస్త్రమే ఇంటర్నల్ మెడిసిన్. మన దేశపు పట్టాల మీద ఇది జనరల్ మెడిసిన్‌గా కనిపిస్తుంది. 19వ శతాబ్దపు జర్మనీలో రోగలక్షణాలను ప్రయోగశాల శాస్త్రంతో ముడిపెట్టే ప్రయత్నంలో ఈ విభాగం రూపు దిద్దుకుంది. 1882లో వీస్బాడెన్ నగరంలో దీని తొలి మహాసభ జరిగింది. విద్యార్థిని రోగి మంచం పక్కన నిలబెట్టి పాఠం చెప్పే పద్ధతికి ప్రతిష్ఠ తెచ్చిన విలియం ఆస్లర్ 1892లో వెలువరించిన వైద్యగ్రంథం కొన్ని తరాల వైద్యులకు ఆధారమైంది. మన దేశంలో ఈ విభాగపు వైద్యుల సంఘమైన అసోసియేషన్ ఆఫ్ ఫిజీషియన్స్ ఆఫ్ ఇండియా 1944లో ఏర్పడింది.

ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన అన్ని విభాగాల్లో తిరిగి పనిచేసే ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. అక్కడితో వైద్యం చేసే అర్హత వస్తుంది. ఫిజీషియన్ కావాలంటే ఆ తరువాత జాతీయ ప్రవేశ పరీక్షలో నెగ్గి మూడేళ్ల ఎండీ చేయాలి, లేదా జాతీయ పరీక్షా మండలి ఇచ్చే డీఎన్‌బీ పూర్తి చేయాలి. ఈ మూడేళ్లూ పుస్తకం ముందు గడిచేవి కావు. పీజీ విద్యార్థి వార్డులో రోగులను చేర్చుకుంటాడు, రాత్రి డ్యూటీలో గుండెపోటు, పక్షవాతం, విషం తాగిన కేసులను మొదట చూస్తాడు, పొద్దున ప్రొఫెసరు రౌండ్లకు వచ్చినప్పుడు ప్రతి రోగి కథనూ నిలబడి వినిపిస్తాడు, ఎందుకు ఆ మందే ఇచ్చాడో సమాధానం చెబుతాడు. ఒక పరిశోధన వ్యాసం రాయాలి. చివరి పరీక్షలో ముక్కూమొహం తెలియని రోగిని పరీక్షించి, వ్యాధి ఇదని పరీక్షాధికారుల ముందు నిరూపించాలి. ఇటీవలి నిబంధనల ప్రకారం పీజీ విద్యార్థులు మూడు నెలలపాటు జిల్లా స్థాయి ఆసుపత్రిలో పనిచేయడం తప్పనిసరైంది. బోధనాసుపత్రిలో ఉండే యంత్రాలన్నీ లేని చోట వైద్యం ఎలా సాగుతుందో తెలియడానికి ఈ మూడు నెలలు చాలవేమో గాని, చిన్న పట్టణాల అవసరాన్ని పాఠ్యక్రమం గుర్తించడం మాత్రం మంచి మార్పే.

తిరువూరుకు దగ్గరలో ఈ శిక్షణ దొరికే పాత చోటు విజయవాడలోని సిద్ధార్థ వైద్య కళాశాల. 1980లో ప్రైవేటు రంగంలో మొదలైన ఈ కళాశాల తరువాత ప్రభుత్వ పరమైంది. 1986లో అదే నగరంలో ఏర్పడిన ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఈ పట్టాలను ప్రదానం చేస్తుంది.

పట్టా చేతికి వచ్చినంత మాత్రాన చికిత్స చేసే హక్కు రాదు. రాష్ట్ర వైద్య మండలిలో పేరు నమోదు కావాలి. ఎండీ వంటి అదనపు అర్హతను విడిగా నమోదు చేయించుకోవాలి. 2019 నాటి చట్టంతో భారత వైద్య మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చినా, వృత్తి ప్రవర్తనకు సంబంధించి 2002లో రూపొందిన నియమావళే నేటికీ ఆధారం. దాని ప్రకారం వైద్యుడు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలి, మందుల చీటీ మీదా రసీదు మీదా వేయాలి. ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. ప్రతి ఐదేళ్లలో కనీసం 30 గంటలు కొత్త విషయాల శిక్షణకు హాజరు కావాలి. మందుల పేర్లను చదవడానికి వీలుగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలన్నది తరువాత చేరిన సవరణ. బోర్డు మీద పేరు పక్కన వరసగా ఉన్న అక్షరాలను చూసి బెదిరిపోయే రోగికి ఈ నియమాలు తెలియవు, ఎవరూ చెప్పరు. రిజిస్ట్రేషన్ నంబరు అడగడం వైద్యుడిని అవమానించడం కాదని మాత్రం అందరూ తెలుసుకోవలసి ఉంది.

ఇక ఓపీ గదిలో జరిగేది. రోగి చెప్పేది ‘నీరసం’, ‘గ్యాసు’, ‘కాళ్లు వాపు’ వంటి మాటలు; వాటి వెనకున్న వ్యాధిని వెతకడం ఫిజీషియన్ పని. కాళ్ల వాపునే తీసుకుంటే, వైద్యుడు మోకాలికీ మడమకూ నడుమ ఎముక మీది చర్మాన్ని బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి తీస్తాడు. గుంట పడి, అది మెల్లగా పూడుతుంటే లోపల నీరు చేరిందన్నమాట. ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడానికి రోగిని వాలుగా పడుకోబెట్టి మెడ సిర ఎంత ఎత్తున కొట్టుకుంటోందో చూస్తాడు. అది ఉబ్బి ఉంటే అనుమానం గుండె మీదికి వెళుతుంది. పొద్దున లేవగానే కనురెప్పలు ఉబ్బుతున్నాయా, మూత్రంలో నురగ వస్తోందా అని అడిగేది మూత్రపిండాల గురించి. కళ్లు పచ్చబడి పొట్ట పెరిగితే కాలేయం. కనురెప్ప లోపలి భాగం పాలిపోతే రక్తహీనత. ఇదంతా పది నిమిషాల పని, రూపాయి ఖర్చు లేనిది. రక్తపరీక్ష, స్కానింగు ఆ తరువాత ఆ అనుమానాన్ని ఖాయం చేయడానికో కొట్టివేయడానికో రావాలి. ఈ వరస తిరగబడి, పరీక్షల చీటీ ముందూ రోగిని తాకి చూడడం వెనకా అవుతున్న కాలంలో, మంచి ఫిజీషియన్‌ను గుర్తించడానికి అతడు ఎన్ని ప్రశ్నలు అడిగాడన్నదే నమ్మదగిన గుర్తు.

ఈ ప్రాంతంలో ఆ ప్రశ్నలకు ఉన్న విలువ ఎ.కొండూరు మండలంలో స్పష్టంగా తెలుస్తుంది. తిరువూరును ఆనుకొని ఉన్న ఆ మండలంలోని లంబాడా తండాల్లో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఏళ్ల తరబడి కుటుంబాలను కుంగదీస్తోంది. ఈ వ్యాధి వల్ల శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు దేశమంతా తెలిసినా, అదే బాధ కృష్ణా తీరపు జిల్లాలోనూ ఉందన్న సంగతి చాలాకాలం బయటి లోకానికి పట్టలేదు. షుగరు, బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతినడం ఎక్కడైనా ఉన్నదే. ఆ రెండూ లేనివారికి, పొలం పనుల్లో ఎండకు మాడిన నడివయసు వారికి ఈ వ్యాధి రావడమే ఇక్కడి చిక్కు. భూగర్భ జలంలోని ఫ్లోరైడ్, సిలికా వంటి పదార్థాలు, ఎండలో మళ్లీ మళ్లీ ఒంట్లో నీరు తగ్గిపోవడం, పురుగుమందులు, నొప్పి మాత్రల వాడకం అనుమానితుల జాబితాలో ఉన్నాయి. ఏ ఒక్కటీ ఏకైక కారణంగా రుజువు కాలేదు. తండాలకు కృష్ణా జలాలు అందించే పనిని ప్రభుత్వం చేపట్టడానికి ఈ నీటి అనుమానమే కారణం.

ఇలాంటి వ్యాధి ఫిజీషియన్ నైపుణ్యానికి గట్టి పరీక్ష పెడుతుంది. సాధారణంగా షుగరు కిడ్నీకి సోకితే మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను పోతుంది, బీపీ పెరుగుతుంది. అంటే హెచ్చరికలు ముందే వస్తాయి. కారణం తెలియని ఈ వ్యాధిలో ప్రోటీను అంతగా పోదు, బీపీ తొలిదశలో మామూలుగానే ఉంటుంది, వాపు కూడా ఆలస్యంగా వస్తుంది. కండరాల నుంచి పుట్టి కిడ్నీల ద్వారా బయటికి పోయే క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరగడాన్ని బట్టి కిడ్నీల పనితీరు అంచనా వేస్తారు గాని, సగం సామర్థ్యం పోయేదాకా ఆ అంకె మామూలు హద్దుల్లోనే కనిపించవచ్చు. అందుకే వైద్యుడు అంకెను ఒంటరిగా చూడకుండా, రోగి వయసును కలిపి కిడ్నీలు నిమిషానికి వడకట్టే పరిమాణాన్ని లెక్కకడతాడు. అది 60 మిల్లీలీటర్ల కంటే తగ్గి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే వ్యాధి దీర్ఘకాలికమని, 15 కంటే తగ్గితే చివరి దశ అని నిర్ధారణ.

నొప్పి మాత్రల సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. డైక్లోఫినాక్ వంటి మందులు నొప్పిని తగ్గించే క్రమంలో, కిడ్నీల్లోని రక్తనాళాలను తెరిచి ఉంచే సహజ రసాయనాలను అడ్డుకుంటాయి. నీడపట్టున ఉండి నీళ్లు తాగేవారికి రెండు రోజుల వాడకంతో ఏమీ కాకపోవచ్చు. మిరప కోతలకు వెళ్లి చెమటతో ఒళ్లు ఎండిపోయిన కూలీకి, కిడ్నీలకు అందే రక్తమే తగ్గి ఉన్న సమయంలో, అదే మాత్ర అపాయం అవుతుంది. ఒళ్లు నొప్పులకు సూదిమందు, మెడికల్ షాపులో విడి మాత్రలు అలవాటైన ప్రాంతంలో ‘నొప్పికి ఏం వాడుతున్నారు, ఎన్నాళ్ల నుంచి’ అన్న ప్రశ్న అడగని వైద్యుడు సగం వైద్యమే చేసినట్టు.

షుగరు, బీపీ ఓపీలో పెద్ద భాగం. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో సాగి 2023లో ప్రచురితమైన దేశవ్యాప్త అధ్యయనం, పెద్దవారిలో 11.4 శాతం మందికి షుగరు, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నట్టు తేల్చింది. ఈ రోగులకు ఫిజీషియన్ చేసే సేవ ఒక్క రోజుది కాదు, ఏళ్ల తరబడి సాగేది.

అత్యవసర కేసుల్లో ఇక్కడ ముందుగా చెప్పుకోవలసినది పాముకాటు. కరిచింది ఏ పామో రోగి చెప్పలేని సందర్భాలే ఎక్కువ. అప్పుడు రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, తరువాత వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా జారితే రక్తపింజరి వంటి పాము విషం ఎక్కిందని అర్థం. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గొట్టం వాడినా ఫలితం తప్పుతుంది. రక్తం గడ్డకట్టినా కనురెప్పలు వాలిపోతుంటే నాగుపాము, కట్లపాము విషాలను అనుమానించి, ఊపిరి ఆగిపోకుండా కనిపెట్టుకోవాలి. పురుగుమందు తాగినవారి కంటిపాపలు సూదిమొనంతగా కుంచించుకుపోయి, నోటి నుంచి చొంగ, ఊపిరితిత్తుల్లో స్రావం పెరిగితే అట్రోపిన్ ఎక్కించాలి. స్రావాలు ఆరేదాకా మోతాదు పెంచుతూ పక్కనే నిలబడవలసిన చికిత్స అది.

జ్వరాల కాలంలో మరో రకం వివేచన కావాలి. డెంగీలో ప్లేట్‌లెట్ల అంకె మీదే ఇంటిల్లిపాదీ చూపు నిలుస్తుంది గాని, అసలు ప్రమాదం జ్వరం దిగుతున్న రోజుల్లో రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారడంలో ఉంటుంది. చిన్న పురుగు కుట్టడంతో వచ్చే స్క్రబ్ టైఫస్‌లో చంకలోనో నడుము మడతలోనో కాలినట్టున్న నల్లటి పెచ్చు ఒకటి దొరుకుతుంది. బట్టలు తొలగించి వెతికితేనే కనబడుతుంది. దొరికితే డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుతో జ్వరం త్వరలోనే దిగుతుంది. ఆ మందుల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1940లలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో బయటపడినప్పుడు, అక్కడి పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తోటి శాస్త్రవేత్త సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించినవాడూ ఆయనే. కిడ్నీలు చెడినవారిలో పేరుకునే ఆ భాస్వరాన్ని ప్రయోగశాలలు దశాబ్దాలపాటు ఆ పద్ధతితోనే లెక్కగట్టాయి.

అన్నిటికీ సెలైన్ అడగడం ఇక్కడి రోగుల అలవాటు. నీరసానికి ఒక సీసా ఎక్కించుకుంటే బలం వస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు. కిడ్నీ చెడినవారికైతే దానివల్ల రెండింతల నష్టం. ఒంట్లో ఉప్పు, నీరు పేరుకోవడం మొదటిది. రెండోది చాలామందికి తెలియనిది: ముందుముందు డయాలిసిస్ చేయాలంటే ముంజేతిలో ఒక సిరను ధమనితో కలిపి ఫిస్టులా అనే మార్గం ఏర్పాటు చేయాలి, అది పనికి వచ్చేంతగా దిట్టపడడానికి వారాలు పడుతుంది, మళ్లీ మళ్లీ సూదులు గుచ్చిన సిర అందుకు పనికిరాకుండా పోతుంది. అందువల్ల కిడ్నీల వడపోత నిమిషానికి 30 మిల్లీలీటర్ల కంటే తగ్గిన రోగిని తిరువూరు ఫిజీషియన్ విజయవాడలోని కిడ్నీ వైద్యుడికి పంపేటప్పుడు, పాత క్రియాటినిన్ అంకెలను తేదీలతోనూ, వాడిన నొప్పి మాత్రలను పేర్లతోనూ ఉత్తరంలో రాయడంతోపాటు, వాడుక తక్కువగా ఉండే చేతికి, చాలామందికి అది ఎడమ చెయ్యి, సెలైన్ గాని రక్తపరీక్షకు సూది గాని పెట్టనివ్వవద్దని రోగికీ, వెంట వచ్చినవారికీ, ఊళ్లోని ఆర్ఎంపీకీ చెప్పి పంపాలి.